రిడ్జ్ సైట్‌లో పారాగ్లైడింగ్ అనుమతి: దరఖాస్తు విధానం

కొండ గట్టును తాకిన గాలి పైకి మళ్లుతుంది. గట్టు ముందు అలా పైకి లేచే పట్టీ సన్నగా ఉంటుంది. ఎగరడానికి వచ్చిన వాళ్లందరూ ఆ పట్టీలోనే అటూ ఇటూ తిరగాలి. అందుకే చాలా రిడ్జ్ (గట్టు) సైట్లలో ముందుగా దరఖాస్తు పెట్టి అనుమతి తీసుకోనిదే గ్లైడర్ (ఎగిరే బట్ట రెక్క) విప్పనివ్వరు. అనుమతి ఇచ్చేది భూమి యజమాని కావచ్చు, పైలట్ల సంఘం కావచ్చు, ప్రభుత్వ విభాగం కావచ్చు. రుసుము, గడువు, ఫారం రూపం చోటును బట్టి మారతాయి, అవి అక్కడే కనుక్కోండి. అడిగే విషయాలు మాత్రం ఎక్కడైనా ఇంచుమించు ఒకటే. ఒక్కో గడి వెనక ఒక ప్రమాద కారణం ఉంటుంది. అది తెలిసిన వాళ్ల ఫారం సాధారణంగా తిరిగి రాదు.

పైలట్ స్థాయి రుజువు

మొదట అడిగేది మీ లైసెన్సు లేదా రేటింగ్ కార్డు. పైలట్ నైపుణ్య స్థాయిని తెలిపే, అంతర్జాతీయంగా చెల్లే ఐపీపీఐ కార్డులో పారాగ్లైడింగ్‌కు 5 దశలుంటాయి. నాలుగోది సోరింగ్, అంటే లిఫ్ట్‌లో (పైకి లేచే గాలిలో) ఎత్తు నిలుపుకుంటూ ఎగరడం. రిడ్జ్ మీద స్వతంత్రంగా ఎగరాలంటే ఈ దశను గానీ, దానికి సమానమైన జాతీయ రేటింగును గానీ అడగడం సహజం. కింది దశలో ఉన్నవాళ్లకు శిక్షకుడి పర్యవేక్షణ షరతుతో అనుమతి ఇచ్చే సైట్లు కూడా ఉన్నాయి. అలాంటప్పుడు శిక్షకుడి సంతకం, ఆయన లైసెన్సు నంబరు ఫారంలో ఉండాలి.

కార్డుతో పాటు లాగ్‌బుక్‌లో చివరి పేజీల నకలు జతచేయండి. మొత్తం ఎన్ని గంటలు ఎగిరారనే దానికన్నా గత మూడు నెలల్లో ఎన్నిసార్లు ఎగిరారన్నదే ఎక్కువ చెబుతుంది. ఏడాది విరామం తర్వాత నేరుగా రద్దీగా ఉన్న గట్టు మీదికి వచ్చే వంద గంటల పైలట్ కన్నా, వారం వారం ఎగిరే ముప్పై గంటల పైలట్ నయం. విరామం ఉంటే దాచకండి. గ్రౌండ్ హ్యాండ్లింగ్ (నేల మీదే నిలబడి గ్లైడర్‌ను లేపి అదుపు చేయడం) సాధన చేసి ఉంటే అదీ రాయండి.

బీమా

వైద్య ఖర్చుల పాలసీ ఒక్కటే చాలదు. మూడో వ్యక్తికి, వాళ్ల ఆస్తికి కలిగే నష్టాన్ని భరించే పాలసీ కావాలి. భూమి యజమాని చూసేది దాన్నే. పత్రంలో పారాగ్లైడింగ్ అన్న మాట స్పష్టంగా ఉందో లేదో చూసుకోండి. సాహస క్రీడలు అని మాత్రమే రాసి, వెనక పేజీలో గాల్లో ఎగిరే క్రీడలను మినహాయించిన పాలసీలు ఉంటాయి. ఇద్దరు కలిసి ఎగిరే టాండెమ్‌కు విడిగా కవరేజీ ఉండాలి.

గ్లైడర్, బరువు గడి

ఎక్కువ ఫారాలు తిరిగి వచ్చేది ఇక్కడే. బరువు అన్న చోట ఒంటి బరువు రాసేస్తారు. అక్కడ రాయాల్సింది గాల్లోకి లేచే మొత్తం బరువు. మనిషి 72 కిలోలు, గ్లైడర్ 5, హార్నెస్ (పైలట్ కూర్చునే పట్టీల సీటు) 4.5, అత్యవసరానికి ఉంచే రిజర్వ్ పారాషూట్ 1.5, హెల్మెట్, బట్టలు, బూట్లు, పరికరాలు, నీళ్లు కలిపి 4 అనుకుందాం. మొత్తం 87 కిలోలు. గ్లైడర్ లోపల కుట్టిన లేబుల్ మీద 65–85 అని ఉంటే, ఒంటి బరువు మాత్రమే చూసుకున్న పైలట్ తను మధ్యలో ఉన్నాననుకుంటాడు. నిజానికి పరిమితి దాటి 2 కిలోలు ఎక్కువయ్యాడు. పరిమితి దాటితే గ్లైడర్ వేగం పెరుగుతుంది, ముడుచుకున్నప్పుడు విసురుగా స్పందిస్తుంది. పైగా ఆ బరువుతో దాన్ని ఎవరూ పరీక్షించి ధ్రువీకరించలేదు. బరువు మరీ తక్కువైతే గ్లైడర్ నెమ్మదిస్తుంది, ఎదురుగాలిని చీల్చుకుని ముందుకు పోలేదు. రిడ్జ్ మీద ఈ రెండోదే ఎక్కువ ఇబ్బంది. అందుకే అన్నీ తగిలించుకుని కాటా మీద ఒక్కసారి నిలబడి, ఆ అంకెనే రాయండి.

ధ్రువీకరణ తరగతి గడిలో యూరప్ భద్రతా ప్రమాణం ఈఎన్ 926 ప్రకారం ఏ, బీ, సీ, డీలలో ఏదో రాయాలి. మొదటిసారి వచ్చే సైట్‌కు మీకు బాగా అలవాటైన గ్లైడర్‌నే నమోదు చేయండి. కొత్త సైట్, కొత్త గ్లైడర్ ఒకే రోజు వద్దు.

తనిఖీ నివేదికలో బట్ట గాలిని ఎంత వదులుతోంది, లైన్ల (రెక్కను హార్నెస్‌కు కలిపే తాళ్ల) పొడవు, లైన్ల బలం ఈ మూడూ ఉండాలి. లైన్ల పొడవును తేలిగ్గా తీసుకోవద్దు. ముందు వరుస లైన్లు భారం మోస్తూ సాగుతాయి. భారం తక్కువ పడే వెనక వరుస కాలం గడిచే కొద్దీ కుదించుకుపోతుంది. దాంతో బ్రేకు లాగకుండానే కొంచెం లాగి పట్టినట్టు గ్లైడర్ నెమ్మదై, స్టాల్‌కు (రెక్క ఎగిరే బలం కోల్పోయే స్థితికి) దగ్గరవుతుంది. పైకి చూస్తే కొత్తదానిలాగే ఉంటుంది.

రిజర్వ్ మడత తేదీ

చాలా తయారీదారులు 6 నుంచి 12 నెలలకోసారి విప్పి, ఆరబెట్టి, మళ్లీ మడవమంటారు. మీ మాన్యువల్ చెప్పిన గడువు దాటితే దరఖాస్తు నిలిచిపోతుంది, నిలిచిపోవాలి కూడా. బట్ట అణిగి, చెమ్మ పట్టి, రబ్బరు బ్యాండ్లు అతుక్కుంటే తెరుచుకోవడం ఆలస్యమవుతుంది. గట్టు పక్కన ఎత్తు తక్కువ, ఆ ఆలస్యానికి చోటు లేదు. ఈఎన్ 12491 ప్రమాణం గరిష్ఠ బరువుతో దిగే వేగాన్ని సెకనుకు 5.5 మీటర్లకు పరిమితం చేస్తుంది. అంటే దాదాపు మీటరున్నర ఎత్తు నుంచి దూకినంత. మీ మొత్తం బరువు రిజర్వ్ పరిమితిలో ఉందో లేదో ఇక్కడ కూడా చూసుకోవాలి. హార్నెస్ మార్చి ఉంటే, అందులో వేలాడుతూ హ్యాండిల్ లాగి చూడండి. మీ చెయ్యి సాగినంతలో పొట్లం బయటికి రావాలి. కొన్ని జతల్లో రాదు.

సైట్ పరిచయం, మౌఖిక ప్రశ్నలు

కాగితాలు సరిపోయాక సైట్ బాధ్యుడు మిమ్మల్ని గట్టు మీద నడిపిస్తారు. టేకాఫ్, ల్యాండింగ్, కరెంటు తీగలు, గట్టులో గాలి దూసుకుపోయే సందులు, వెనక రోటర్ (గట్టు దాటిన గాలి సుడి) తిరిగే చోటు చూపించి పటం మీద మీ చేత గుర్తు పెట్టిస్తారు. తర్వాత ప్రశ్నలు. కంఠస్థం చేసిన జవాబు కన్నా కారణం చెప్పేవాళ్లకే మొగ్గు.

ఇద్దరు ఎదురెదురుగా వస్తే ఎవరు తప్పుకోవాలి? మామూలుగా ఇద్దరూ కుడికి తిరగాలి. కానీ ఒకరికి కుడిపక్కన కొండ ఉంది, తిరగలేరు. కాబట్టి కొండ కుడివైపున్న పైలట్‌కు దారి ఇవ్వాలి. కొండ ఎడమవైపున్నవాళ్లు ముందుగానే కుడికి, లోయ వైపుకు జరగాలి. చివరి క్షణంలో జరిగితే సరైన పనే అయినా ఎదుటి పైలట్ గుండె ఆగినంత పనవుతుంది.

ఎటు మలుపు తిప్పాలి? ఎప్పుడూ లోయ వైపే. గ్లైడర్ వేగం 38 కి.మీ., గాలి 25 కి.మీ. ఉందనుకోండి. కొండ వైపు తిరిగితే గాలి కూడా వీపున పడి 63 కి.మీ. వేగంతో వాలు మీదికి వెళ్తారు. తిరిగే ముందు భుజం మీదుగా వెనక్కి చూడాలి. చూడకుండా తిప్పితే వెనక వస్తున్నవాళ్లకు తప్పుకునే దారి ఉండదు.

ఎత్తులో తేడా ఉంటే? కింద ఉన్నవాళ్లకు ప్రాధాన్యం, ఎందుకంటే వాళ్ల పైచూపును వాళ్ల గ్లైడరే కప్పేస్తుంది. థర్మల్‌లో (వేడెక్కి పైకి లేచే గాలిలో) మొదట చేరినవాళ్లు ఎటు తిరుగుతుంటే మిగతావాళ్లూ అటే తిరగాలి. గట్టు అంచున పూర్తి చుట్టు తిరగడం మాత్రం చాలాచోట్ల నిషేధం.

దాటి వెళ్లడం ఎలా? దీనికి ఊహించి జవాబు చెప్పకండి, బాధ్యుణ్ణి అడగండి. కొన్నిచోట్ల కొండకూ ముందున్న గ్లైడర్‌కూ మధ్య నుంచి వెళ్లమంటారు, కొన్నిచోట్ల అది తప్పు. లోయ వైపు నుంచి దాటితే ముందున్న పైలట్ మలుపు తిప్పి మీమీదికే రావచ్చు. లోపలి నుంచి దాటితే మీకే దారి మూసుకుపోతుంది. అసలు దాటకుండా ముందుగానే వెనక్కి తిరిగిపోవడం అన్నిటికన్నా హాయి.

గాలి పెరిగితే? 20 నుంచి 30 కి.మీ.కు చేరితే పెరిగింది సగమే అనిపిస్తుంది. బలం మాత్రం రెండింతలు దాటుతుంది, సరిగ్గా 2.25 రెట్లు. గట్టు శిఖరం మీద గాలి ఇంకా ఒత్తుకుని వేగం పుంజుకుంటుంది. చాలా గ్లైడర్ల మామూలు వేగం 36–39 కి.మీ. మధ్యే ఉంటుంది. నేల మీది గుర్తులు ముందుకు కదలడం ఆగిపోయిందంటే అప్పటికే ఆలస్యమైంది. స్పీడ్‌బార్ (కాళ్లతో తొక్కి వేగం పెంచే కడ్డీ) కొంచెం ముందే నొక్కి, కొండకు దూరంగా గాలిలోకి జరగాలి. స్పీడ్‌బార్ ముందు అంచు కోణాన్ని తగ్గిస్తుంది కాబట్టి గ్లైడర్ ముడుచుకుంటే పెద్దగా ముడుచుకుంటుంది. వాలుకు ఆనుకుని దాన్ని పూర్తిగా తొక్కేయడం మరో ప్రమాదం.

లిఫ్ట్ చచ్చి గట్టు కిందికి జారితే? వాలును గీక్కుంటూ పోరాడకుండా, ల్యాండింగ్‌కు చేరేంత ఎత్తు ఉండగానే బయలుదేరతానని చెప్పాలి. ఆ ఎత్తు ఆ సైట్‌లో ఎంతో కనుక్కుని రాసుకోండి.

మర్యాద షరతులు

ఫారం చివర సంతకం పెట్టే భాగం ఇది, ఎవరూ చదవరు. హార్నెస్, కాలి పట్టీలు, హెల్మెట్ అన్నీ బిగించుకున్నాకే టేకాఫ్ మీదికి రావాలి. అక్కడ గ్లైడర్ పరిచి ముచ్చట్లు పెట్టకూడదు. రెండుసార్లు లేపినా కుదరకపోతే పోగుచేసుకుని పక్కకు తప్పుకోవాలి. దిగిన వెంటనే ల్యాండింగ్ ఖాళీ చేసి, అంచున మడుచుకోవాలి. చూడటానికి వచ్చినవాళ్ల తలల మీదుగా తక్కువ ఎత్తులో పోకూడదు. పశువులు బెదిరితే వాటి యజమాని మొత్తం సైట్‌నే మూయించగలడు. గేటు తెరిచి ఉంటే తెరిచే, మూసి ఉంటే మూసే వదలాలి. రెస్క్యూ హెలికాప్టర్ కనిపిస్తే అందరూ దిగిపోవాలి.

అనుమతి వచ్చాక

మొదటి ఫ్లైట్ సైట్ తెలిసిన పైలట్ ఉన్నప్పుడే చేయమని షరతు ఉంటే, ఆ పైలట్ పేరు, తేదీ కార్డు వెనక రాయించుకోండి. గ్లైడర్ గానీ రిజర్వ్ గానీ హార్నెస్ గానీ మారితే, గడువు మిగిలి ఉన్నా వివరాలు మార్చి ఇవ్వాలి. బీమా గడువు అనుమతి కన్నా ముందే ముగుస్తుంటే, పాలసీ పొడిగించి కొత్త పత్రం పంపేదాకా ఎగరకూడదు.

ఘటన జరిగితే, దెబ్బ తగలకపోయినా నివేదిక ఇవ్వాలి. సమయం, గాలి దిక్కు, వేగం, గట్టు నుంచి దూరం, ఎత్తు, చుట్టూ ఎన్ని గ్లైడర్లు ఉన్నాయి, ఏ క్షణంలో ఏం చేశారు అన్నవి అదే రోజు రాసిపెట్టుకోండి. ట్రాక్ నమోదైన పరికరం ఉంటే ఆ ఫైలు జతచేయండి. తప్పెవరిదో రాయాల్సిన పని లేదు, ఫారంలో దానికి గడి కూడా ఉండదు.