ఇంగ్లీషులో ‘ఎవరిది?’ – రెండో పాఠం: అపాస్ట్రఫీల మరమ్మతు, ‘మా’తో వచ్చే చిక్కు

ఈ పాఠం నేరుగా మై, మైన్‌లతో మొదలవ్వాలి. కానీ మొదటి పాఠం సాధనలు చూశాక కాసేపు వెనక్కి వెళ్ళక తప్పడం లేదు. పేరు చివర అపాస్ట్రఫీ (అక్షరం పక్కన పైన పెట్టే ' గుర్తు) పెట్టి ఎస్ రాస్తే ‘సీత పుస్తకం’ అన్న అర్థం వస్తుందని చెప్పుకున్నాం: "సీత'స్ బుక్". అంతవరకు అందరూ సరిగ్గానే రాశారు. గొడవ ఆ తర్వాతే మొదలైంది. మాట చివర ఎస్ కనిపిస్తే చాలు, దాని ముందొక అపాస్ట్రఫీ వచ్చి కూర్చుంటోంది. "ఐ బాట్ టూ పెన్'స్." "హీ రన్'స్ ఫాస్ట్." "దిస్ బ్యాగ్ ఈజ్ హర్'స్." మూడూ తప్పే, మూడింటి కారణాలూ వేరు.

ఇక్కడ ఇంగ్లీషు వాక్యాలు తెలుగు లిపిలో ఇస్తున్నాను. మీరు మాత్రం నోట్సులో ఇంగ్లీషు అక్షరాల్లోనే రాసుకోండి. అపాస్ట్రఫీ ఏ అక్షరానికి ముందు పడిందో, ఏ అక్షరం తర్వాత పడిందో చేత్తో రాస్తేనే పట్టుబడుతుంది.

ఇంగ్లీషు మాట చివర ఎస్ ముఖ్యంగా మూడు పనులకు వస్తుంది. ‘పెన్నులు’ అని బహువచనం చెప్పడానికి ఒకటి. హీ, షీ, ఇట్ తర్వాత క్రియ చివర వచ్చేది ఇంకొకటి. ‘ఫలానావాళ్ళది’ అని చెప్పడానికి మూడోది. అపాస్ట్రఫీ ఈ మూడోదానికే. అనుమానం వచ్చినప్పుడు ఆ మాటను తెలుగులో అనుకోండి. చివర ‘లు’ మాత్రమే వచ్చి ఊరుకుంటే గుర్తు వద్దు. ‘పరిగెత్తుతాడు’ లాంటి క్రియ అయితే అసలే వద్దు. ‘ఎవరి?’, ‘ఎవరిది?’ అన్న ప్రశ్నకు జవాబైతేనే కావాలి.

గుర్తు కావాలని తేలాక, అది ఎస్‌కు ముందా వెనకా అన్నది ఇంకో తికమక. దీనికి నియమాలు బట్టీ పట్టనక్కర్లేదు. అపాస్ట్రఫీ మీద వేలు పెట్టి, అక్కణ్ణుంచి కుడివైపంతా మూసేయండి. ఎడమవైపు మిగిలినవాళ్ళే యజమానులు. "ద గర్ల్'స్ రూమ్" మూస్తే "గర్ల్" మిగులుతుంది, అంటే ఒక్క అమ్మాయి గది. "ద గర్ల్స్' రూమ్" మూస్తే "గర్ల్స్", అంటే అమ్మాయిల గది. ఇప్పుడు "ద చిల్డ్రన్స్' రూమ్" అని రాసి మూయండి. "చిల్డ్రన్స్" మిగిలింది. అలాంటి బహువచనమే ఇంగ్లీషులో లేదు, చిల్డ్రన్ అంటేనే పిల్లలు. కాబట్టి "చిల్డ్రన్'స్" అనే రాయాలి. మెన్'స్, విమెన్'స్ కూడా ఇంతే.

గర్ల్స్, గర్ల్'స్, గర్ల్స్' మూడింటినీ పలికితే ఒకేలా ఉంటాయి. తేడా అంతా కాగితం మీదే. చెవితో పట్టుకుందామని చూడకండి.

శ్రీనివాస్ లాగా ఎస్‌తో ముగిసే పేరుకు "శ్రీనివాస్'స్ కార్" అనీ రాస్తారు, "శ్రీనివాస్' కార్" అనీ రాస్తారు. రెండూ చెల్లుతాయి. నా ఓటు మొదటిదానికి. పలికేటప్పుడు ఎలాగూ ‘శ్రీనివాసిజ్’ అనే అంటాం కదా, రాతలోనూ రెండో ఎస్ కనిపించడం మంచిది. ఇద్దరికీ కలిపి ఒకే ఇల్లుంటే గుర్తు రెండో పేరుకే: "రవి అండ్ సీత'స్ హౌస్". ఎవరి ఫోను వాళ్ళదైతే ఇద్దరికీ: "రవి'స్ అండ్ సీత'స్ ఫోన్స్".

మొదటి పాఠం బాకీలో ఇంకొకటి మిగిలింది: "ద రవి'స్ బుక్". ఇందులో "ద" రాకూడదు. "ద టీచర్'స్ బుక్"లో మాత్రం రావచ్చు. అక్కడ "ద" పుస్తకానిది కాదు, టీచర్‌ది. "ద టీచర్" అంటారు, "ద రవి" అనరు.

ఇక అసలు పాఠం. మై, యువర్, హిజ్, హర్, ఇట్స్, అవర్, దెయిర్. ఇవి మీకు తెలిసినవే. వీటి పక్కన వస్తువు పేరో, మనిషి పేరో ఉండాలి. పక్కన ఏమీ లేకుండా ‘నాది’, ‘మీది’ అనాలంటే మైన్, యువర్స్, హిజ్, హర్స్, అవర్స్, దెయిర్స్. హిజ్ ఒక్కటే రెండు చోట్లా మారకుండా ఉంటుంది. "దిస్ ఈజ్ మై పెన్. దిస్ పెన్ ఈజ్ మైన్." ఇంతకంటే చెప్పడానికేమీ లేదు.

హర్స్, యువర్స్, అవర్స్, దెయిర్స్, ఇట్స్ మాటల్లో ‘ఎవరిది’ అన్న సంగతి ముందే ఇమిడి ఉంది. వీటికి అపాస్ట్రఫీ పెట్టరు. "హర్'స్" తప్పు కావడానికి కారణం ఇదే.

అపాస్ట్రఫీతో "ఇట్'స్" అని రాస్తే "ఇట్ ఈజ్" అనో, "ఇట్ హ్యాజ్" అనో అర్థం. "ద కంపెనీ చేంజ్డ్ ఇట్'స్ నేమ్" అని రాశారనుకోండి. దాన్ని విప్పి చదివితే "ద కంపెనీ చేంజ్డ్ ఇట్ ఈజ్ నేమ్" అవుతుంది. అర్థం లేదు, కాబట్టి గుర్తు తీసేయాలి. విప్పి చదవడమే దీనికి పరీక్ష. ఇంగ్లీషువాళ్ళే 17, 18 శతాబ్దాల్లో ‘దాని’ అన్న అర్థంలోనూ గుర్తు పెట్టి రాసేవారు, ఆ అలవాటు తర్వాత పోయింది. ‘ఎవరి’ అని అడిగే "హూజ్"కు, "హూ ఈజ్"ను కుదించిన "హూ'స్"కు కూడా ఇదే పరీక్ష. పేర్ల దగ్గర కూడా కాస్త చూసుకోండి. "రవి'స్ కమింగ్" అంటే రవి వస్తున్నాడని. ఆ వాక్యంలో రవికి చెందినదేమీ లేదు.

అపాస్ట్రఫీ తప్పు పడినా చదివేవాళ్ళకు సంగతి అర్థమవుతుంది. ఇప్పుడు చెప్పబోయే దాంట్లో అర్థమే మారిపోతుంది. అందుకే దీని మీద ఎక్కువసేపు ఉంటాను.

తెలుగులో మా అమ్మ, మా అన్నయ్య, మా ఇల్లు, మా ఆయన, మా ఆవిడ అంటాం. చెప్పేది ఒక్కరే అయినా మాట బహువచనం. ‘నా అన్నయ్య’ అంటే వినడానికే ఎబ్బెట్టుగా ఉంటుంది. ఈ అలవాటే ఇంగ్లీషులోకి దిగి "అవర్ మదర్", "అవర్ బ్రదర్" అవుతుంది. అక్కడితో ఆగితే ఫర్వాలేదు. అన్నదమ్ములిద్దరి తరఫునా చెబుతున్నారేమో అనుకుంటారు. "అవర్ హజ్బెండ్ ఈజ్ ఎట్ ది ఆఫీస్" అంటే మాత్రం వినేవాళ్ళ లెక్కలో భర్త ఒకడు, భార్యలు కనీసం ఇద్దరు. "అవర్ వైఫ్" సంగతి చెప్పనక్కర్లేదు.

చుట్టరికం చెప్పేటప్పుడు ‘మా’ అన్న చోట "మై" రాయండి. మై మదర్, మై బ్రదర్, మై వైఫ్. ఇంట్లో పదిమంది ఉన్నా చెప్పేది మీరొక్కరే అయితే "మై హౌస్" అనడంలో తప్పు లేదు, గొప్పలు పోవడమూ కాదు. తమ్ముణ్ణి పక్కన పెట్టుకుని ఇద్దరి తరఫునా చెబుతుంటే "అవర్ మదర్" నిక్షేపంగా అనవచ్చు. పనిచేసే సంస్థ తరఫున మాట్లాడుతుంటే "అవర్ కంపెనీ"యే సరి, అక్కడ ‘మా’ నిజంగానే బహువచనం. ‘మన’ అయితే ఏ సందేహమూ లేదు, ఎప్పుడూ "అవర్". వినేవాళ్ళను కలుపుకుని చెబుతున్నాం కాబట్టి యజమానులు ఎలాగూ ఇద్దరికి తగ్గరు.

‘మీ నాన్నగారు’ అన్న చోట ఎవరూ తప్పు చేయరు. నీ, మీ రెండింటికీ ఇంగ్లీషులో "యువర్" ఒక్కటే. అక్కడ తప్పు చేద్దామన్నా వీల్లేదు.

‘మా’ తర్వాత వరసలో ఉన్నది ‘వాళ్ళ’. రవి వాళ్ళ అన్నయ్య, సీత వాళ్ళ ఆఫీసు, అన్నయ్య వాళ్ళ ఇల్లు అంటాం. "రవి దెయిర్ బ్రదర్" పుట్టేది ఇక్కడే. ఈ ‘వాళ్ళ’ను ఇంగ్లీషులో దేనితోనూ చెప్పనక్కర్లేదు, మింగేయండి. "రవి'స్ బ్రదర్", అంతే. ‘వాళ్ళావిడ’ అన్నప్పుడు ఆ ‘వాళ్ళ’ ఒక్క మనిషే, కాబట్టి "హిజ్ వైఫ్". ‘మా అన్నయ్య వాళ్ళ మామగారి కారు’ అన్నారంటే గుర్తులు రెండు పడతాయి: "మై బ్రదర్'స్ ఫాదర్-ఇన్-లా'స్ కార్". ఫాదర్-ఇన్-లా మూడు ముక్కలైనా గుర్తు చివరి ముక్కకే. నాలుగో మెట్టుకు వెళ్ళకండి, చదివేవాళ్ళకు ఊపిరాడదు. రెండు వాక్యాలు చేసుకోండి.

గౌరవం వల్ల వచ్చే బహువచనం కూడా ఈ కోవలోదే. ‘టీచరుగారు వారి పుస్తకం ఇచ్చారు’ అన్నదాన్ని "ద టీచర్ గేవ్ మీ దెయిర్ బుక్" అని రాస్తుంటారు. ఆడామగా తెలియని మనిషి గురించైతే ఇంగ్లీషులోనూ "దెయిర్" వాడతారు, కానీ అందులో గౌరవమేమీ లేదు. మీకు తెలిసిన టీచరు అయితే హిజ్, హర్‌లలో ఒకటి ఎంచుకోవాలి. ఎంచుకునేటప్పుడు చూడవలసింది యజమానిని, పక్కనున్న మాటను కాదు. ‘సీత తన తమ్ముణ్ణి పిలిచింది’: "సీత కాల్డ్ హర్ బ్రదర్". తమ్ముడు మగవాడు కాబట్టి "హిజ్" అని రాస్తే, ఆ తమ్ముడు ఇంకెవరో మగమనిషికి తమ్ముడైపోతాడు.

తెలుగులో అసలు వినిపించని ‘నా’ ఇంగ్లీషులో తప్పనిసరయ్యే చోట్లు కూడా ఉన్నాయి. చేతులు కడుక్కున్నాను అంటాం. ఎవరి చేతులో చెప్పం, ‘కొను’ అన్న క్రియలోనే ఆ సంగతి ఉంది. ఇంగ్లీషు క్రియకు ఆ సౌకర్యం లేదు: "ఐ వాష్డ్ మై హ్యాండ్స్". నోరు తెరవమని చెప్పాలంటే "ఓపెన్ యువర్ మౌత్". ఆమె కాలు విరగ్గొట్టుకుంటే "షీ బ్రోక్ హర్ లెగ్". "హర్" వదిలేస్తే వాక్యం కుంటుతుంది. "ద లెగ్" అంటే ఎవరి కాలో తెలియదు. తలనొప్పికి మాత్రం "ఐ హ్యావ్ ఎ హెడేక్" చాలు.

‘నా స్నేహితుడొకడు’ అన్నది చివరిది. "ఎ మై ఫ్రెండ్" అనకూడదు, "మై వన్ ఫ్రెండ్" అంతకన్నా కూడదు. "ఎ", "మై" రెండూ ఒకే కుర్చీ కోసం వచ్చినవాళ్ళు, ఒకరు కూర్చుంటే ఇంకొకరు లేవాలి. "ఎ ఫ్రెండ్ ఆఫ్ మైన్" అనండి. "వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్" కూడా సరైనదే, కాకపోతే అందులో చివరి ఎస్ మరిచిపోయి "వన్ ఆఫ్ మై ఫ్రెండ్" అనేవాళ్ళే ఎక్కువ. అందుకే మొదటిదాన్నే అలవాటు చేసుకోమంటాను.

టేబుల్ కాలు, ఇంటి తలుపు లాంటి ప్రాణం లేనివాటిని ఈ పాఠంలో ముట్టుకోలేదు. వాటికి "ఆఫ్" కావాలి. రెండు నెలల సెలవు లాంటివాటి సంగతి కూడా మూడో పాఠంలోనే.

సాధనకు ఈసారి విడివిడి వాక్యాలు లేవు. ఈ పేరా మొత్తాన్ని ఇంగ్లీషులోకి తిప్పండి:

‘మా అన్నయ్య వాళ్ళ ఇల్లు పెద్దది. వాళ్ళావిడ డాక్టరు. పిల్లల గది మేడమీద ఉంది. అమ్మాయిలిద్దరి సైకిళ్ళు బయట ఉన్నాయి. రవి వాళ్ళ కుక్క తోక ఊపింది. నా స్నేహితుడొకడు వాళ్ళ అమ్మగారి ఫోను పోగొట్టాడు. ఈ సంచి ఆమెది, నాది కాదు.’

"ఆఫ్"ను స్నేహితుడి దగ్గర తప్ప ఇంకెక్కడా వాడొద్దు. "ఈజ్", "నాట్"లను కుదించకుండా పూర్తిగా రాయండి. అలా రాస్తే మొత్తం మీద అపాస్ట్రఫీలు సరిగ్గా 5 రావాలి. ఆరోది కనిపిస్తే కుక్క తోక దగ్గరో, సంచి దగ్గరో ఎక్కువ పెట్టి ఉంటారు. నాలుగే ఉంటే పిల్లల గది చూడండి. ఐదూ వచ్చినా వేలు పరీక్ష మానకండి. మూసినప్పుడు ఎస్ మిగలవలసింది సైకిళ్ళ వాక్యంలో ఒక్కచోటే. "అవర్" అన్న మాట ఎక్కడైనా కనిపిస్తే మాత్రం ‘మా’ భాగం మళ్ళీ చదివి, పేరా మొదటినుంచి రాయండి.