టీకా వరుసలో దొడ్డిదారిని మూయడం ఎలా?

మహమ్మారి కాలంలో టీకా వచ్చిన తొలి నెలల్లో డోసులు తక్కువగా, ఎదురుచూసేవారు చాలా ఎక్కువగా ఉంటారు కాబట్టి ఎవరికి ముందు, ఎవరికి తరువాత అనే క్రమం ఒకటి తప్పనిసరి అవుతుంది. క్రమం ఉన్న ప్రతిచోటా దానిని తప్పించుకునే ప్రయత్నమూ ఉంటుంది. ఈ మార్గదర్శిని టీకా కేంద్రాన్ని నడిపేవారి కోసం, అర్హుల జాబితాలు తయారుచేసి పంపే ఆసుపత్రుల, సంస్థల బాధ్యుల కోసం రాసినది. 2020 చివరి నుంచి 2021 మధ్య వరకు కోవిడ్ టీకా పంపిణీలో వివిధ దేశాలలో బయటపడిన ఉదంతాలే దీనికి ఆధారం.

కాపలా ఎక్కడ ఉండాలి?

2021 ఫిబ్రవరిలో ఫ్లోరిడాలో ఇద్దరు మహిళలు టోపీలు, చేతి తొడుగులు, కళ్లద్దాలు ధరించి వృద్ధుల వేషంలో రెండో డోసుకు వచ్చి పట్టుబడ్డారు. వినోదంగా ఉన్నందున ఆ వార్త ప్రపంచమంతా తిరిగింది. అదే నెలలో పెరూ మాజీ అధ్యక్షుడు మార్టిన్ విస్కారా, తాను పదవిలో ఉన్న 2020 అక్టోబరులోనే, అంటే దేశంలో టీకా కార్యక్రమం మొదలు కాకముందే, రహస్యంగా టీకా వేయించుకున్నట్లు బయటపడింది. ప్రయోగ పరీక్షల బృందానికంటూ అదనంగా వచ్చిన 3,200 డోసుల నుంచి 487 మంది లబ్ధి పొందినట్లు తేలింది. ఆరోగ్య మంత్రి, విదేశాంగ మంత్రి రాజీనామా చేశారు. మరికొద్ది రోజులకే అర్జెంటీనాలో ఒక ప్రముఖ పాత్రికేయుడు, తన పాత మిత్రుడైన ఆరోగ్య మంత్రికి ఫోన్ చేసి టీకా వేయించుకున్నానని రేడియోలో తానే చెప్పడంతో ఫిబ్రవరి 19న మంత్రి గినేస్ గొన్సాలెస్ గార్సియా పదవి వదులుకోవలసి వచ్చింది.

పెరూ, అర్జెంటీనాలలో ఇలా టీకా పొందినవారెవరూ వేషం వేయలేదు, నకిలీ కార్డు చూపలేదు, అసలు వరుసలోనే నిలబడలేదు. డోసులు ఎవరి అధీనంలో ఉన్నాయో వారితో పరిచయం ఉండడమే వారికి సరిపోయింది. అందువల్ల గేటు దగ్గర కాగితాలు అడిగే సిబ్బందిని పెంచే ముందు, మూడు విషయాలు ఎవరి చేతిలో ఉన్నాయో చూసుకోవాలి: టీకా నిల్వ ఉన్న గది తాళంచెవి, జాబితాలో పేరు చేర్చే అధికారం, సాయంత్రం మిగిలిన డోసులు ఎవరికి వేయాలనే నిర్ణయం. ఈ మూడూ ఒకే వ్యక్తి దగ్గర ఉంటే, ఆ వ్యక్తి ఎంత నిజాయతీపరుడైనా సరే, ముందుగా వాటిని విడదీయాలి. నిజాయతీపరుడికే ఇది ఎక్కువ మేలు చేస్తుంది. పై అధికారి బంధువు ఫోన్ చేసినప్పుడు "నా చేతిలో లేదండీ" అని ఆయన అబద్ధమాడకుండా చెప్పగలుగుతారు.

నియమం ముందే రాసి ఉండాలి

2021 జనవరిలో కెనడాకు చెందిన ఒక సంపన్న దంపతుల జంట యూకాన్ ప్రాంతంలోని మారుమూల జనావాసానికి విమానంలో వెళ్లి, అక్కడి మోటెల్ ఉద్యోగులమని చెప్పి, స్థానికుల కోసం వచ్చిన సంచార బృందం దగ్గర టీకా వేయించుకున్నారు. వారిపై పడిన జరిమానా ఏకాంతవాసం (క్వారంటైన్) నిబంధనను, ప్రవేశ సమయంలో ఇచ్చిన హామీని ఉల్లంఘించినందుకు మాత్రమే. ఇతరుల డోసు తీసుకున్నందుకంటూ వారిపై కేసు నమోదు కాలేదు. కాబట్టి ఏది తప్పు, తప్పు చేసిన సిబ్బందిపై ఏ చర్య ఉంటుంది, తప్పుడు సమాచారం ఇచ్చిన వ్యక్తి విషయంలో ఏం చేస్తారు అన్నవి మొదటి డోసు వేయకముందే ఒక పేజీలో రాసి, అందరికీ కనిపించేలా అతికించాలి.

నియమం సరళంగా ఉండాలి. బ్రిటన్‌లో టీకాలపై ప్రభుత్వానికి సలహా ఇచ్చే సంఘం 2020 డిసెంబరులో ప్రకటించిన తొమ్మిది ప్రాధాన్య వర్గాలకు ప్రధాన ఆధారం వయసే. 2021 ఫిబ్రవరిలో తరువాతి దశకు కూడా వృత్తుల వారీగా కాక వయసు ప్రకారమే వెళ్లాలని ఆ సంఘం సూచించింది. పుట్టిన తేదీ గురించి వాదించడానికి ఎవరికీ పెద్దగా అవకాశం ఉండదు. "అత్యవసర సేవకుడు" అన్న మాటలో ఎవరినైనా ఇరికించవచ్చు. వర్గాలు పెరిగేకొద్దీ, వాటి నిర్వచనాలు సాగేకొద్దీ, సిఫారసుకు చోటు పెరుగుతుంది.

జాబితాను నమ్మే ముందు

టీకా విషయంలో అతి పెద్ద మోసాలు తరచుగా కాగితం మీద పూర్తిగా సక్రమంగా కనిపిస్తాయి. ఫ్లోరిడాలోని ఒక వృద్ధుల సంరక్షణ సంస్థ, తన నివాసితులకు, సిబ్బందికి ఉద్దేశించిన టీకాలను దాతలకు, పాలకమండలి సభ్యులకు, వారి బంధుమిత్రులకు వేయించింది. వారిని సిబ్బందిగా, స్వచ్ఛంద సేవకులుగా చూపించిందన్న ఆరోపణపై 2022లో 17.5 లక్షల డాలర్లు చెల్లించి ప్రభుత్వంతో రాజీ చేసుకుంది. భారతదేశంలో 2021 ఏప్రిల్ మొదటి వారంలో కేంద్ర ఆరోగ్య శాఖ, ఆరోగ్య కార్యకర్తల నమోదు కొద్ది రోజుల్లోనే 24 శాతం పెరిగిందని, అనర్హులు ఆ వర్గం కింద చేరుతున్నారని చెబుతూ ఆ వర్గంలో కొత్త నమోదునే నిలిపివేసింది. దాని భారం అప్పటికి పేరు నమోదు చేసుకోని నిజమైన కార్యకర్తల మీద కూడా పడింది. తలుపు మొత్తంగా మూసుకోవలసిన స్థితి రాకూడదంటే జాబితా దశలోనే జాగ్రత్త అవసరం.

సంస్థల నుంచి జాబితా తీసుకునేటప్పుడు పేర్లతో పాటు, కార్యక్రమం ప్రకటించడానికి ముందు నెలలో ఆ సంస్థ జీతాలు చెల్లించినవారి మొత్తం సంఖ్యను కూడా అడగండి. రెండు సంఖ్యలకూ పొంతన లేకపోతే కారణం రాతపూర్వకంగా తెప్పించుకోండి. స్వచ్ఛంద సేవకులు, గౌరవ సభ్యులు, సలహాదారులు అన్న శీర్షికలు కనిపిస్తే ఆ ఒక్కొక్కరూ ఏ విధిలో, ఏ రోజుల్లో పనిచేశారో చూడండి. జాబితా పంపే అధికారి సంతకం కింద "ఇందులో నా కుటుంబ సభ్యులు ఉన్నారు / లేరు" అనే వాక్యాన్ని చేర్చి, వర్తించనిది కొట్టివేయించండి. కుటుంబ సభ్యులు అర్హులై ఉండవచ్చు, అందులో తప్పేమీ లేదు; అయితే వారి పేర్లను మరొకరు ఆమోదించాలి. మొదటి జాబితా వచ్చాక చేరిన ప్రతి పేరుకూ తేదీ, చేర్చినవారి పేరు, కారణం నమోదు కావాలి. అన్నిటికంటే ఎక్కువగా గమనించవలసింది ఈ చేర్పుల పుస్తకాన్నే.

జాబితాలో లేనివారి గురించి కూడా అడగాలి. 2020 డిసెంబరులో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ ఆసుపత్రిలో తొలి 5,000 డోసుల కోసం కంప్యూటర్ సూత్రం తయారుచేసిన జాబితాలో 1,300 మందికి పైగా ఉన్న రెసిడెంట్ వైద్యులలో (శిక్షణ పొందుతూనే రోగులకు చికిత్స చేసేవారిలో) ఏడుగురికే చోటు దక్కింది. వయసుకు, పనిచేసే విభాగానికి ఆ సూత్రం ఇచ్చిన ప్రాధాన్యం వల్ల, ఒకే విభాగానికి కట్టుబడని యువ వైద్యులు వెనుకబడిపోయారు. అక్కడ ఎవరూ అబద్ధం చెప్పలేదు, అయినా రోగులకు దూరంగా పనిచేసేవారు ముందుకు వచ్చారు. జాబితాను ఖరారు చేసే ముందు వార్డులో రాత్రి విధులు చేసేవారికి, శుభ్రపరిచే సిబ్బందికి ఒకసారి చూపించి ఉంటే ఇలాంటి లోపం ఒక్క పూటలో బయటపడేది.

లెక్కలో లేని డోసు

ఒక ఉదాహరణ చాలు. ఫైజర్ టీకా సీసా మొదట 5 డోసులకని గుర్తింపుతో వచ్చింది. సూదిలో ద్రవం తక్కువగా మిగిలే సిరంజీ వాడితే ఆరో డోసు కూడా వస్తుందని తెలిసి, 2021 జనవరిలో అమెరికా, ఐరోపా నియంత్రణ సంస్థలు 6 డోసులుగా గుర్తించాయి. సీసా మీద రాసిన సంఖ్యకూ, చేతికి వచ్చిన సంఖ్యకూ మధ్య ఉన్న ఆ ఒక్క డోసు ఏ ఖాతాలోనూ కనిపించకపోవచ్చు. లెక్కలో లేనిది ఎవరికి పోయిందని అడిగేవారు ఉండరు. అందుకని సీసా సంఖ్యను, తెరిచిన సమయాన్ని, తీసిన డోసులను, వేసిన డోసులను, పారవేసిన డోసులను ఒకే వరుసలో రాయించి, ఆ పూట డోసులు వేసినవారు కాక మరొకరు రోజు చివర సరిచూసి సంతకం చేయాలి. తేడా వచ్చిన రోజున రాత్రే కారణం రాయాలి.

సాయంత్రం మిగిలినవి

అసలైన పరీక్ష ఇక్కడ ఉంటుంది. తెరిచిన సీసాను కొన్ని గంటలలోపే వాడాలి, రావలసినవారు కొందరు రారు, సమయం దాటితే మిగిలినది పారబోయాలి. ఆ తొందరలో చేసే ఫోను మంచి ఉద్దేశంతోనైనా చేయవచ్చు, ముందే అనుకున్న ఏర్పాటుకు ముసుగుగానైనా చేయవచ్చు. బయటివారికి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

2020 డిసెంబరు చివరలో హ్యూస్టన్ ప్రాంతంలో ఒక ప్రభుత్వ వైద్యుడు, శిబిరం ముగిసే వేళకు తెరవవలసి వచ్చిన మోడెర్నా సీసాలో మిగిలిన 10 డోసుల కోసం ఆ రాత్రి ఫోన్లు చేసి, వృద్ధులను, రోగులను వెతికి వేశారు. చివరి డోసుకు రావలసిన వ్యక్తి రాకపోవడంతో గడువు ముగిసే కొద్ది నిమిషాల ముందు ఊపిరితిత్తుల జబ్బు ఉన్న తన భార్యకు వేశారు. ఆయన ఉద్యోగం పోయింది, దొంగతనం కేసు పెట్టారు. న్యాయమూర్తి దానిని కొట్టివేశారు, తరువాత అభియోగం మోపాలో వద్దో తేల్చే పౌరుల బృందమైన గ్రాండ్ జ్యూరీ కూడా అభియోగం మోపడానికి నిరాకరించింది. ఆయన డోసులను కాపాడారన్నదే నా అభిప్రాయం. ఆయనను ఆ స్థితిలోకి నెట్టింది రాతపూర్వక పద్ధతి లేకపోవడం. దీనికి భిన్నంగా, జర్మనీలోని హాలె నగర మేయర్, కొందరు కౌన్సిల్ సభ్యులు 2021 జనవరిలో మిగిలిన డోసులు వేయించుకున్నారు. యాదృచ్ఛికంగా ఎంపిక జరిగిందని మేయర్ ఇచ్చిన వివరణ జనానికి రుచించలేదు, తరువాత ఆయన పదవి నుంచి సస్పెండయ్యారు.

పద్ధతి ఇలా ఉండవచ్చు. ప్రస్తుత వర్గంలోని అర్హులలో కేంద్రానికి అరగంటలో చేరుకోగలవారి నుంచి ముందే పేర్లు తీసుకుని నిరీక్షణ జాబితా తయారుచేయండి, ఆ పేర్ల క్రమాన్ని ప్రతి ఉదయం చీటీలు తీసి నిర్ణయించండి. మూసివేతకు రెండు గంటల ముందు మిగలబోయే డోసులను అంచనా వేసి, ఆ క్రమంలోనే ఫోన్ చేయండి. ఎత్తనివారి పేరు పక్కన సమయం రాసి తరువాతి పేరుకు వెళ్లండి. ఆ జాబితా అయిపోతే తరువాతి ప్రాధాన్య వర్గం జాబితా, అదీ అయిపోతే ఆ ఆవరణలో ఉన్న ఎవరైనా సరే. సిబ్బంది బంధువులు జాబితాలో ఉంటే వారి వంతు వచ్చినప్పుడు వారూ రావచ్చు, ముందుగా మాత్రం కాదు. చివరి గంటలో కొత్త సీసా తెరవాలంటే ఇద్దరి సంతకం ఉండాలనే నిబంధన, "మిగలడం" కోసమే సీసాలు తెరవడాన్ని చాలావరకు ఆపుతుంది.

డోసును పారబోయడం మాత్రం పరిష్కారం కాదు. 2020 డిసెంబరు చివరలో న్యూయార్క్ రాష్ట్రంలో క్రమం తప్పి టీకా వేసినవారికి 10 లక్షల డాలర్ల వరకు జరిమానా విధిస్తామని హెచ్చరించాక, అర్హులు దొరకని కొన్ని చోట్ల భయంతో డోసులను చెత్తలో పడవేశారు. అనర్హుడికి చేరిన డోసు కనీసం ఒక మనిషినైనా కాపాడుతుంది.

గేటు దగ్గర

ఇక్కడ తక్కువ అడగండి. వయసుకు ఒక్క గుర్తింపు పత్రం చాలు. వృత్తిని సంస్థ నేరుగా పంపిన జాబితాతో పోల్చండి, వ్యక్తి తెచ్చిన ఉత్తరంతో కాదు. అనారోగ్యం విషయంలో సంతకం చేసిన స్వీయ ప్రకటనను అంగీకరించి, తరువాత కొన్నిటిని యాదృచ్ఛికంగా పరిశీలించడం మంచిది. వైద్యుడి ధ్రువపత్రం తప్పనిసరి చేస్తే తెలిసిన వైద్యుడు ఉన్నవారికి, నిజంగా జబ్బు ఉన్నా లేకున్నా, అది సాయంత్రానికల్లా దొరుకుతుంది. ఎప్పుడూ వైద్యుడి దగ్గరకు వెళ్లే స్తోమత లేనివారికి దొరకదు. వెనుకబడిన వర్గాల కోసం ప్రత్యేక సమయాలు కేటాయిస్తే, వాటిలో పేరు నమోదుకు అందరికీ ఒకే కోడ్ ఇవ్వకండి. 2021 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలో నల్లజాతి, లాటినో ప్రజల కోసం ఇచ్చిన అలాంటి కోడ్‌లు సంపన్నుల ఫోన్లలో చేతులు మారాయి. ఒక్కొక్కరికి ఒక్కసారే పనిచేసే కోడ్ ఇవ్వాలి, లేదా ఆ సమాజంలో నమ్మకమున్న సంస్థ ద్వారా పేర్లు తీసుకోవాలి.

పట్టుబడినప్పుడు

చూడడానికి ఆరోగ్యంగా ఉన్న యువకుడిని వరుసలో నిలదీయకండి, ఇతరులను నిలదీయనివ్వకండి; మూత్రపిండం మార్పిడి జరిగినవారి ముఖం మీద ఆ సంగతి రాసి ఉండదు. అనుమానం ఉంటే పక్క గదిలో ఒక్కరే మాట్లాడాలి. మోసం రుజువైనా, మొదటి డోసు వేసి ఉంటే రెండోది నిర్ణీత సమయానికి ఇవ్వడమే వైద్యపరంగా సబబు, లేకపోతే మొదటిది కూడా సగం వృథా అవుతుంది. శిక్షను వైద్యంతో ముడిపెట్టకుండా, రాసి పెట్టుకున్న నియమం ప్రకారం విడిగా అమలు చేయాలి. సిబ్బందిలో ఎవరైనా అధికారాన్ని వాడుకుని డోసు ఇప్పించి ఉంటే మొదటి రోజే వారిని జాబితా, నిల్వల బాధ్యత నుంచి తప్పించాలి, ఫిర్యాదు చేసినవారి పేరు బయటకు రాకూడదు. ఏ వర్గానికి ఎన్ని డోసులు వేశారు, చివరి గంటలో ఎన్ని, వృథా ఎన్ని అన్న సంఖ్యలను పేర్లు లేకుండా రోజూ ప్రకటిస్తే వదంతులలో చాలావాటికి అక్కడికక్కడే సమాధానం దొరుకుతుంది.

ఈ కట్టుదిట్టాలన్నీ కొరత ఉన్నంతవరకే. కేటాయించిన సమయాలు వరుసగా కొన్ని రోజులు నిండకుండా మిగులుతున్నాయంటే సరఫరా గిరాకీని దాటిందని అర్థం. ఆ వారంలోనే వర్గాల తనిఖీని ఎత్తివేసి, నిరీక్షణ జాబితాను మూసి, డోసుల లెక్క పుస్తకం ఒక్కటే కొనసాగిస్తూ, తనిఖీలో ఉన్న సిబ్బందిని ఇంటింటికీ వెళ్లే బృందాలకు మార్చాలి.