చనిపోయింది విశాఖలో, ఇల్లు రాయగడలో: మరణ రికార్డు ఎక్కడ, ఎలా వెతకాలి?

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు మన తెలుగు ఇళ్లలో ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే భువనేశ్వర్ కంటే ముందు విశాఖో శ్రీకాకుళమో గుర్తొస్తుంది. మహారాష్ట్రలోని సిరొంచ వాళ్లు వరంగల్‌కి, ధర్మాబాద్, దెగ్లూర్ వాళ్లు నిజామాబాద్‌కో హైదరాబాద్‌కో పరుగెడతారు. మనిషి అక్కడ పోతే శరీరాన్ని సొంతూరు తెచ్చుకుని కర్మలు ఇక్కడే చేస్తాం. తర్వాత బ్యాంకులో, ఎల్‌ఐసీలో, పెన్షన్ ఆఫీసులో మరణ ధ్రువపత్రం అడుగుతారు. అప్పుడు సొంతూరి ఆఫీసుల చుట్టూ తిరగడం మొదలుపెడతాం. కానీ ఆ రికార్డు అక్కడ ఉండదు.

1969 నాటి జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం మరణం ఏ ఊళ్లో జరిగితే ఆ ఊరి రిజిస్ట్రారే దాన్ని నమోదు చేయాలి. ఆధార్‌లో ఏ అడ్రస్ ఉంది, దహనం ఎక్కడ చేశారు అన్నవాటితో పని లేదు. ఈ ఒక్కటి ముందే తెలిస్తే దుఃఖంలో ఉన్న కుటుంబానికి సగం తిరుగుడు తప్పుతుంది.

1. ప్రాణం ఎక్కడ పోయిందో తేల్చుకోండి

ఆస్పత్రిలో పోతే ఆ ఆస్పత్రి ఉన్న నగరమో పట్టణమో. విశాఖ ప్రభుత్వాస్పత్రి కేజీహెచ్‌లో పోతే విశాఖ నగరపాలక సంస్థ, వరంగల్ ఎంజీఎంలో పోతే గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్ పరిధి. ఇంట్లో పోతే మన ఊరి రిజిస్ట్రారే. చిక్కంతా దారిలో పోయినప్పుడు వస్తుంది. కదిలే వాహనంలో ప్రాణం పోతే ఆ వాహనం మొదట ఆగిన చోట నమోదు కావాలి, ఆ కబురు ఇవ్వాల్సింది వాహనం బాధ్యతలో ఉన్న మనిషి. అంబులెన్స్ ఎక్కడ ఆగిందో, ఏ ఆస్పత్రి డాక్టరు చూసి ప్రాణం లేదన్నారో డ్రైవర్‌ని అడిగి ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆస్పత్రికి చేరేసరికే ప్రాణం లేకపోతే ఆ ఆస్పత్రి దాన్ని తమ దగ్గర జరిగిన మరణంగా చూపించకపోవచ్చు. అలాంటప్పుడు వాళ్లు ఏమని రాశారో ఆ చీటీ తప్పకుండా తీసుకోండి.

2. ఆస్పత్రి కాగితాలు పట్టుకోండి

ఆస్పత్రిలో జరిగిన మరణాన్ని రిజిస్ట్రార్‌కి తెలపాల్సిన బాధ్యత ఆస్పత్రిదే, గడువు 21 రోజులు. కాబట్టి పదోరోజు లోపే వెళ్లి లేదని కంగారు పడకండి. ఆస్పత్రిలో మెడికల్ రికార్డుల విభాగానికి వెళ్లి రెండు అడగండి: డెత్ సమ్మరీ, మరణ కారణ ధ్రువపత్రం. 2023 సవరణ తర్వాత ఈ రెండోది దగ్గరి బంధువుకి డబ్బు తీసుకోకుండా ఇవ్వాలి. ఇది అడిగి తీసుకోవడం చాలా అవసరం, ఎందుకంటే రిజిస్ట్రార్ ఇచ్చే మరణ ధ్రువపత్రంలో మరణ కారణం ఉండదు. ఇన్సూరెన్స్ వాళ్లు కారణం అడిగితే చూపించాల్సింది ఆస్పత్రి కాగితమే. రిజిస్ట్రార్‌కి సమాచారం ఏ తేదీన, ఏ పేరుతో పంపారో కూడా అక్కడే కనుక్కోండి. అడ్మిషన్ నంబర్ దగ్గర ఉంటే పని తొందరగా అవుతుంది.

3. సరైన ఆఫీసుకి వెళ్లండి

మహారాష్ట్ర పల్లెల్లో గ్రామ పంచాయతీ అధికారి (ఇదివరకు గ్రామసేవక్ అనేవారు) రిజిస్ట్రార్. ఒడిశా పల్లెల్లో ఆ ప్రాంతపు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) లేదా సామాజిక ఆరోగ్య కేంద్రం (సీహెచ్‌సీ) మెడికల్ ఆఫీసర్. ఆంధ్ర, తెలంగాణ పల్లెల్లో పంచాయతీ కార్యదర్శి. పట్టణాల్లో మున్సిపాలిటీ ఆరోగ్య విభాగం. మరాఠీ కౌంటర్‌లో ‘మృత్యు దాఖలా’ అంటే వెంటనే అర్థమవుతుంది, ఒడియా కౌంటర్‌లో ‘మృత్యు ప్రమాణపత్ర’ అనండి. చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం రుసుము కట్టి ఎవరైనా రిజిస్టర్‌లో వెతికించమని అడగవచ్చు. వేరే ఊళ్లో ఉండి కబురు ఆలస్యంగా తెలిసిన అక్కచెల్లెళ్లు, మేనల్లుళ్లు కూడా.

4. పేరు ఎన్ని రకాలుగా రాసి ఉండొచ్చో చూడండి

‘రికార్డు లేదు’ అన్న జవాబు వచ్చినా వెంటనే నమ్మకండి. పేరు వేరేలా ఎక్కి ఉండొచ్చు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. మరాఠీ గుమస్తా పేరు, తండ్రి లేదా భర్త పేరు, చివర ఇంటిపేరు రాస్తాడు. ఒడియాలో ‘వ’ చాలాసార్లు ‘బ’ అవుతుంది, వెంకట రమణ కాస్తా బెంకట రమణ అవుతాడు. ఇంగ్లిష్‌లో లక్ష్మి, రాజయ్య లాంటి పేర్లకి రెండు మూడు స్పెల్లింగులు మామూలే. ఇంట్లో పిలిచే పేరుతో ఆస్పత్రిలో చేర్పించి ఉంటే అది ఇంకో చిక్కు.

అందుకే పేరుతో మొదలుపెట్టకండి, తేదీతో మొదలుపెట్టండి. ‘ఫలానా తేదీన, ఫలానా ఆస్పత్రిలో, అరవై దాటిన ఆడమనిషి’ అని అడిగి, ఆ రోజు, ఆ తర్వాతి మూడు వారాల్లో నమోదైన ఎంట్రీలు వరసగా చూడమనండి. మరణ తేదీ వేరు, నమోదు తేదీ వేరు. కేంద్రం నడిపే జనన మరణాల నమోదు పోర్టల్ సీఆర్‌ఎస్‌లో గానీ రాష్ట్ర పోర్టల్లో గానీ వెతికేటప్పుడు కూడా ఈ తేడా మనసులో ఉంచుకోండి.

తప్పు స్పెల్లింగ్‌తో దొరికితే సంతోషించండి, అది సరిచేయించుకోవచ్చు. 15వ సెక్షన్ కింద రిజిస్ట్రార్ తప్పుల్ని దిద్దుతారు. చిన్న అక్షర దోషమైతే సులువు. విషయమే తప్పయితే డిక్లరేషన్, సంగతి తెలిసిన ఇద్దరు నమ్మకమైన మనుషుల సాక్ష్యం అడుగుతారు. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, పాలసీ బాండు పక్కపక్కన పెట్టి ఒకే స్పెల్లింగ్ ఖాయం చేసుకున్నాకే దరఖాస్తు పెట్టండి.

5. ప్రమాదం, అనుమానం ఉన్న మరణమైతే

పోలీస్ స్టేషన్‌లో శవ పంచనామా, పోస్ట్‌మార్టం రిపోర్టు ఉంటాయి. ఒడిశాలో యూడీ (అసహజ మరణం) కేసు నంబర్, మహారాష్ట్రలో ఏడీ (ప్రమాద మరణం) నంబర్ అడగండి. రైలు పట్టాల మీద జరిగితే రైల్వే పోలీసులు. ఏ స్టేషన్ పరిధి అన్నది సంఘటన జరిగిన చోటుని బట్టే.

6. నిజంగానే నమోదు కాలేదంటే

వెతికినా దొరకలేదని నోటిమాటగా చెబితే ఒప్పుకోకండి. అలభ్యతా పత్రం, అంటే రిజిస్టర్‌లో ఆ రికార్డు లేదని చెప్పే పత్రం, ఇమ్మని రాతపూర్వకంగా అడగండి, దానికి పదో నంబర్ ఫారం ఉంది. తర్వాత ఆలస్య నమోదు. 21 రోజులు దాటి 30 రోజుల లోపైతే ఆలస్య రుసుముతో సరిపోతుంది. 30 రోజులు దాటి ఏడాది లోపైతే జిల్లా రిజిస్ట్రార్ లేదా నిర్దేశించిన అధికారి రాతపూర్వక అనుమతి కావాలి. ఏడాది దాటితే జిల్లా మేజిస్ట్రేట్, సబ్‌డివిజనల్ మేజిస్ట్రేట్ లేదా అధికారం పొందిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. మైలదినాలు అయ్యాక చూద్దాంలే అని ఊరుకుంటే మొదటి గడువులో సగం అక్కడే అయిపోతుంది. ఇంట్లో కాస్త తేరుకున్నవాళ్లు ఎవరో ఒకరు, అల్లుడో మేనల్లుడో, ఈ పని ఒక్కటి మీద వేసుకోవాలి. దహనం చేసిన చోటి రసీదు, ఆస్పత్రి కాగితాలు, అంబులెన్స్ చీటీ, పోయినవాళ్ల ఆధార్, దరఖాస్తుదారు ఆధార్ ఒకే సంచిలో పెట్టి వెళ్లండి. ధ్రువపత్రం ఒకేసారి నాలుగైదు ప్రతులు తీసుకోండి, రాష్ట్రం దాటి మళ్లీ రావడం కష్టం.