లియోన్ ట్రబూల్స్‌లో తిరగాలంటే

ఫ్రాన్స్‌లో పిల్లల దగ్గరికి వచ్చే మన వరంగల్ వాళ్లు పారిస్ చూసి తిరుగుముఖం పడతారు. ఒక్కరోజు లియోన్‌కు ఉంచుకోండి. కొత్తవాడ మగ్గాల మధ్య పెరిగిన నాకు అది పట్టు నేతగాళ్ల ఊరు. ఇళ్ల కిందుగా, వాకిళ్ల మీదుగా ఒక గల్లీ నుంచి ఇంకో గల్లీకి పోయే దారులను అక్కడ ట్రబూల్స్ అంటారు.

పొద్దున్నే బయల్దేరండి, మధ్యాహ్నానికి కొన్ని తలుపులు మూసేస్తారు. మెట్రో డి లైన్‌లో వ్యూ లియోన్ దగ్గర దిగి, ర్యూ సాన్ జాన్‌లో (ర్యూ అంటే వీధి) 54వ నంబరు వెతకండి. చూస్తే మామూలు ఇంటి తలుపే. పక్కన బటన్ ఉంటే నొక్కి నెట్టండి. సన్నటి చీకటి దారి, ఆకాశం కనిపించే చిన్న వాకిలి, మళ్లీ చీకటి, మళ్లీ వాకిలి. చివరికి ర్యూ ద్యు బఫ్‌లో 27వ నంబరు దగ్గర తేలతారు. పాత లియోన్‌లో ఇదే అన్నిటికన్నా పొడుగైనది. వీధులన్నీ సోన్ నది వెంబడే సాగుతాయి, అడ్డవీధులు తక్కువ. అందుకే ఇళ్లలోంచి దారి పెట్టారు.

అక్కడ జనం కాపురముంటున్నారు. కార్పొరేషన్‌తో ఒప్పందం ప్రకారం వాళ్లు దారి ఇస్తున్నారు. గొంతు తగ్గించండి, మెట్లెక్కి పైకి పోకండి, కిటికీల్లోకి ఫోన్ పెట్టకండి. తలుపు రాకపోతే బెల్లు కొట్టకుండా ముందుకు సాగండి.

తర్వాత సి లైన్‌లో క్రువా రూస్ గుట్ట పైకి వెళ్లి, కిందికి నడుచుకుంటూ దిగండి, మోకాళ్లకు సుఖం. ముందు ర్యూ దివ్రీలో మెజోన్ దే కనూ అనే నేతగాళ్ల మ్యూజియం చూడండి, డిజైన్లు నేసే జాకార్డ్ మగ్గం మీద నేసి చూపిస్తారు. గుంట మగ్గానికి మనం నేల తవ్వుతాం. వీళ్లు ఈ మగ్గం పట్టడానికి ఇంటి కప్పునే సుమారు 4 మీటర్లకు లేపారు. ఆ పట్టు తానులను వానకు తడవకుండా ట్రబూల్స్‌లోంచే మోసేవాళ్లు. కనీస కూలి రేటు కోసం ఈ నేతగాళ్లు 1831లో తిరగబడ్డారు, 1834లో మళ్లీ లేచారు. అది తెలుసుకుని నడిస్తేనే ఈ గుట్ట అర్థమవుతుంది.

దిగేటప్పుడు ప్లాస్ కోల్‌బేర్ 9వ నంబరులో కూర్ దే వొరాస్ అనే వాకిలిలోకి వెళ్లండి. ఆరంతస్తుల రాతి మెట్లు బయటికే కనిపిస్తాయి. అడుగున నిలబడి తలెత్తి తీరిగ్గా చూడండి. కింద ర్యూ అంబేర్ కొలొమేస్‌లో బయటపడి, అదే వీధిలో 20వ నంబరు తలుపు నెడితే ఇంకో ట్రబూల్ ఉంది. అది దాటి కిందికి దిగుతూ పోతే హోటల్ ద విల్ (అంటే కార్పొరేషన్ భవనం) మెట్రో స్టేషన్ వస్తుంది.