క్యాటలిటిక్ కన్వర్టర్: మార్చే ముందు తేల్చుకోవలసినవి, మార్చే పద్ధతి

పెట్రోలు కారులో చెక్ ఇంజన్ లైటు వెలిగి, స్కానర్ పెట్టగానే పీ0420 అనే కోడ్ కనిపిస్తే, చాలా గ్యారేజీల్లో వెంటనే వినిపించే మాట ‘క్యాట్ పోయింది సార్, మార్చాల్సిందే’ అన్నది. క్యాట్ అంటే క్యాటలిటిక్ కన్వర్టర్, ఇంజన్ వదిలే పొగను శుద్ధి చేసే డబ్బా. నిజానికి ఆ కోడ్ అంత మాట అనదు. కన్వర్టర్ తరువాత అమర్చిన ఆక్సిజన్ సెన్సర్ ఇస్తున్న సంకేతాన్ని బట్టి, పొగను శుద్ధి చేసే సామర్థ్యం ఉండవలసిన స్థాయికంటే తగ్గినట్టు బండిలోని కంప్యూటర్ అనుమానిస్తోందని మాత్రమే దాని అర్థం. కన్వర్టర్‌లో కదిలే భాగం ఒక్కటీ లేదు కాబట్టి అది దానంతట అది అరిగిపోవడం అరుదు. ఎక్కువ సందర్భాల్లో ఇంజన్‌లోని మరేదో లోపం దానిని చంపుతుంది. ఆ లోపాన్ని పట్టుకోకుండా కొత్తది బిగిస్తే, ఆ కొత్తదానికీ అదే గతి పడుతుంది.

లోపలి నిర్మాణం తెలిస్తే పరీక్షలు సులభంగా అర్థమవుతాయి. స్టీలు డబ్బాలో తేనెపట్టులాంటి సిరామిక్ దిమ్మ ఉంటుంది. దాని సన్నని గోడలకు ప్లాటినం, పల్లేడియం, రోడియం లోహాల పూత ఉంటుంది. దాదాపు 300 డిగ్రీల సెల్సియస్ వేడెక్కిన తరువాత ఈ పూత కార్బన్ మోనాక్సైడ్‌ను, కాలని పెట్రోలు ఆవిరిని, నైట్రోజన్ ఆక్సైడ్లను చాలావరకు బొగ్గుపులుసు వాయువుగా, నీటి ఆవిరిగా, నైట్రోజన్‌గా మారుస్తుంది. పూతలోని సీరియం ఆక్సైడ్ ఆక్సిజన్‌ను దాచుకొని అవసరమైనప్పుడు వదులుతుంది. వెనక సెన్సర్ కనిపెట్టేది ఈ దాచుకునే శక్తినే. సీసం ఈ పూతకు బద్ధశత్రువు. మన దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి సీసం కలిపిన పెట్రోలు అమ్మకం ఆగిపోయింది కనుక ఆ బెడద తీరింది. ఇప్పుడు మిగిలిన శత్రువులు మూడు: మిస్‌ఫైర్ (సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండకపోవడం) వల్ల కాలకుండా వచ్చే పెట్రోలు, ఇంజన్ తాగేస్తున్న ఆయిల్‌లోని ఫాస్ఫరస్, హెడ్ గ్యాస్కెట్ గుండా లీకయ్యే కూలెంట్.

కన్వర్టర్ రెండు రకాలుగా చెడుతుంది, రెంటి లక్షణాలూ వేరు. దిమ్మ కరిగిపోయో, ముక్కలై అడ్డం పడో దారి మూసుకుపోతే పికప్ పోతుంది, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బండి లాగదు, ముదిరితే స్టార్టయిన కొద్దిసేపటికే ఇంజన్ ఆగిపోతుంది. అలా కాక పూత మాత్రమే పనిచేయడం మానితే బండి నడకలో ఏ తేడా తెలియదు. కోడ్ వస్తుంది, పొల్యూషన్ పరీక్షలో అంకెలు పెరుగుతాయి, అంతే. చల్లగా ఉన్నప్పుడు డబ్బాను చేత్తో తట్టితే గలగలమన్నదంటే లోపలి దిమ్మ విరిగినట్టే, కానీ వదులైన హీట్ షీల్డ్ కూడా అచ్చం అలాగే మోగుతుంది కాబట్టి ముందు దానిని పట్టుకొని చూడాలి. కుళ్ళిన కోడిగుడ్డు వాసనను మాత్రం నేను పెద్దగా లెక్కలోకి తీసుకోను. పెట్రోలు మోతాదు మించి పోతున్నా అదే వాసన వస్తుంది.

పరీక్షకు దిగేముందు కోడ్‌ను చెరిపేయకూడదు. కోడ్ నమోదైన క్షణంలో ఇంజన్ వేగం, వేడి, లోడ్ ఎంత ఉన్నాయో చూపే ఫ్రీజ్ ఫ్రేమ్‌ను ముందుగా రాసిపెట్టుకోవాలి. పీ0300 నుంచి పీ0304 వరకు మిస్‌ఫైర్ కోడ్లు, పీ0171 వంటి, గాలి-పెట్రోలు మిశ్రమంలో లోపాన్ని చూపే కోడ్లు తోడుగా ఉంటే వాటిని సరిచేసిన తరువాతే పీ0420 సంగతి చూడాలి. చెక్ ఇంజన్ లైటు నిలకడగా వెలగకుండా మిణుకుతూ ఉంటే కన్వర్టర్‌ను కాల్చేసే స్థాయిలో మిస్‌ఫైర్ జరుగుతోందని అర్థం. అప్పుడు ‘ఇంటిదాకా పోనిద్దాం’ అనుకోవడం చాలా ఖరీదైన ఆలోచన.

తరువాత ఎగ్జాస్ట్ లీకులు చూడాలి. ఉదయం చల్లటి ఇంజన్‌ను స్టార్ట్ చేసి, సైలెన్సర్ చివర మందపాటి గుడ్డ క్షణంపాటు అడ్డం పెట్టించి, మానిఫోల్డ్ (ఇంజన్ నుంచి పొగను పైపులోకి చేర్చే భాగం) వైపు చిటపట చప్పుడు కోసం చెవి పెట్టాలి. అతుకుల దగ్గర నల్లటి మసి మరక కూడా లీకును పట్టిస్తుంది. వెనక సెన్సర్ దగ్గర బయటి గాలి లోపలికి చొరబడితే రీడింగు తప్పిపోతుంది. క్యాట్ మార్చాలని ముప్పై వేల పైచిలుకు అంచనా రాసిచ్చిన ఒక బండిని నేను చూశాను. చివరికి పైపుల అతుకు మధ్య ఉండే ఫ్లాంజ్ గ్యాస్కెట్ ఒక్కటి మారిస్తే ఆ కోడ్ మళ్ళీ రాలేదు.

లీకులు లేవని తేలాక ఇంజన్‌ను బాగా వేడెక్కించి, 2,500 ఆర్‌పీఎం దగ్గర రెండు మూడు నిమిషాలు నిలిపి, స్కానర్‌లో కన్వర్టర్‌కు ముందు, వెనక ఉన్న రెండు ఆక్సిజన్ సెన్సర్ల గ్రాఫులను పక్కపక్కన చూడాలి. సాధారణ సెన్సర్లున్న బండిలో ముందుది 0.1, 0.9 వోల్టుల మధ్య చకచకా ఊగుతుంది, వెనకది 0.6 లేదా 0.7 వోల్టు దగ్గర దాదాపు కదలకుండా ఉంటుంది. వెనకది కూడా ముందుదానిలాగే ఊగుతుంటే పూత పని అయిపోయిందన్నమాట. కొత్త తరం బండ్లలో ముందు సెన్సర్ వైడ్‌బ్యాండ్ రకం కావచ్చు; దాని గ్రాఫు ఇలా ఊగదు కనుక అక్కడ వెనకదాని నిలకడను మాత్రమే చూడాలి.

దారి మూసుకుపోయిందన్న అనుమానం ఉంటే ముందు సెన్సర్‌ను విప్పి, ఆ రంధ్రంలో ప్రెషర్ గేజ్ బిగించి బ్యాక్ ప్రెషర్ (పొగ బయటికి పోలేక వెనక్కి నెట్టే ఒత్తిడి) కొలవాలి. ఐడిల్‌లో ఒకటింబావు పీఎస్‌ఐ, 2,500 ఆర్‌పీఎం దగ్గర 3 పీఎస్‌ఐ దాటితే ఎగ్జాస్ట్‌లో అడ్డు ఉన్నట్టు. అది కన్వర్టర్‌లోనా, వెనకనున్న సైలెన్సర్‌లోనా అన్నది అతుకు విప్పి మళ్ళీ కొలిస్తే తెలుస్తుంది. టెంపరేచర్ గన్‌తో ముందు వెనక వేడి కొలిచి తీర్పు చెప్పే పద్ధతి పాత బండ్లకు కొంత పనికొచ్చేది. ఇంజన్ శుభ్రంగా మండే నేటి బండ్లలో ఆ తేడా చాలా తక్కువ కనుక దాని మీద ఆధారపడకూడదు.

క్యాట్ చెడిందని రుజువైనా ఆగవలసిన చోటు ఒకటుంది: చెడగొట్టినదేదో తేల్చుకోవాలి. స్పార్క్ ప్లగ్గులు, కాయిళ్ళు, ఇంజెక్టర్లు సరిగా ఉన్నాయా, స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ (పెట్రోలు మోతాదును కంప్యూటర్ పెంచే, తగ్గించే సవరణ) ఎటువైపైనా పది శాతం దాటుతోందా, వెయ్యి కిలోమీటర్లకు ఆయిల్ ఎంత తగ్గుతోంది, కూలెంట్ మాయమవుతోందా అన్నవి చూడాలి. వానాకాలంలో మోకాలిలోతు నీటిలో నడిపిన బండి అయితే, కాలుతున్న డబ్బాకు ఒక్కసారిగా చన్నీళ్ళు తగిలి దిమ్మ పగిలి ఉండవచ్చు.

కొత్తది కొనేటప్పుడు ఛాసిస్ నంబరు చెప్పి, కాలుష్య ప్రమాణాల ప్రకారం బండి బీఎస్4 రకమా బీఎస్6 రకమా చూసుకొని, సరైన పార్ట్ నంబరుదే తీసుకోవాలి. చవకగా దొరికే యూనివర్సల్ క్యాట్లలో విలువైన లోహాలు తక్కువగా వేస్తారు; కొద్ది నెలలకే పీ0420 తిరిగి రావచ్చు. పాతదానిని గ్యారేజీలో వదిలేయకండి, ఆ లోహాల కోసం దానిని మంచి ధరకు కొనేవాళ్ళున్నారు. దిమ్మను పొడిచి తీసేసి ఖాళీ డబ్బా బిగిస్తామనే సలహా వింటే మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ గుర్తుకు రావాలి. కాలుష్య ప్రమాణాలు ఉల్లంఘిస్తే పదివేల రూపాయల వరకు జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు ఉంటుంది.

విప్పే పనికి ఇంజన్ పూర్తిగా చల్లారాలి. ముందురోజు రాత్రే నట్లకు, స్టడ్లకు తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచితే స్టడ్ విరిగే ప్రమాదం సగం తగ్గుతుంది. బ్యాటరీ నెగటివ్ తీగ తీసి, చక్రాలకు అడ్డు పెట్టి, బండిని గట్టి నేల మీద జాక్ స్టాండ్లపై నిలపాలి. ఒక్క జాకీని నమ్ముకొని కిందికి దూరకూడదు. చాలా చిన్న కార్లలో కన్వర్టర్ మానిఫోల్డ్‌తో కలిసే ఇంజన్‌కు ఆనుకొని ఉంటుంది కనుక పని పైనుంచి, కిందినుంచి రెండు వైపులా ఉంటుంది. హీట్ షీల్డ్ విప్పి, సెన్సర్ల కనెక్టర్లు ఊడదీసి, తీగ దూర్చుకునే గాడి ఉన్న 22 ఎంఎం సాకెట్‌తో సెన్సర్లను తీయాలి. ఆ తరువాత వెనక అతుకు, దాని తరువాత ఇంజన్ వైపు నట్లు విప్పాలి. బిగుసుకున్న నట్టును ఒక్క ఊపులో తిప్పకుండా కొద్దిగా ముందుకు, కొద్దిగా వెనకకు ఆడించాలి, ఎందుకంటే అల్యూమినియం హెడ్‌లో స్టడ్ విరిగితే అసలు పనికంటే అది పెద్ద పని అవుతుంది.

బిగించేటప్పుడు అతుకుల ముఖాలను శుభ్రంగా గీకి, గ్యాస్కెట్లు, నట్లు కొత్తవే వాడాలి. డబ్బా మీద బాణం గుర్తు ఉంటే అది సైలెన్సర్ వైపు చూడాలి. అన్ని నట్లనూ ముందు చేతితో ఎక్కించి, రబ్బరు హ్యాంగర్ల మీద పైపు తిన్నగా కూర్చున్నాక, ఇంజన్ వైపు నుంచి వెనకకు మాన్యువల్ చెప్పిన టార్క్‌తో బిగిస్తూ పోవాలి. మరలు బిగుసుకుపోకుండా చేసే యాంటీ సీజ్‌ను సెన్సర్ మరలకు మాత్రమే పూయాలి, కొనకు తగిలితే సెన్సర్ పాడవుతుంది. కొత్త సెన్సర్లకు ఆ పూత సాధారణంగా ముందే ఉంటుంది.

స్టార్ట్ చేసిన తొలి నిమిషాల్లో కొత్త డబ్బా నుంచి కొద్దిపాటి పొగ, కాలిన వాసన వస్తే కంగారు పడనవసరం లేదు. లీకులు మరోసారి చూసి, కోడ్ చెరిపి, రెండు మూడు రోజులు ఊళ్ళోనూ హైవే మీదా కలిపి నడిపిన తరువాత, స్కానర్‌లో క్యాటలిస్ట్ మానిటర్ (కన్వర్టర్ మీద కంప్యూటర్ తానే చేసుకునే పరీక్ష) ‘రెడీ’ అని చూపి, కోడ్ తిరిగి రాకపోతే పని పూర్తయినట్టు. పొల్యూషన్ పరీక్షకు ఆ తరువాతే, ఇంజన్ వేడిగా ఉండగా వెళ్ళాలి.