జామ్ఠాలో మ్యాచ్‌కు అప్పటికప్పుడు బయల్దేరే గని దోస్తులకు కొన్ని జాగ్రత్తలు

బల్లార్షా, రాజురా, చంద్రపూర్ వైపు గనుల్లో, మిల్లుల్లో పనిచేసే మన తెలుగువాళ్లకు నాగపూర్ పక్కనున్న జామ్ఠా స్టేడియమే సొంత గ్రౌండు. ఉప్పల్‌లో మ్యాచ్ చూడాలంటే రెండు రోజులు సెలవు పెట్టాలి. జామ్ఠాకైతే భద్రావతి, వరోరా, జామ్, బుటీబోరీ మీదుగా మూడు గంటల దారి. అందుకే మన దగ్గర ఈ ప్రయాణాలు వారం ముందు అనుకొని జరగవు. షిఫ్టు దిగి టీ తాగుతుంటే ఎవరో ఒకరు "పోదామా అన్నా?" అంటారు. అరగంటలో బండి రోడ్డెక్కుతుంది.

పోవద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. 2017 నవంబరు 26, ఆదివారం. శ్రీలంకతో టెస్టులో కోహ్లీ 213 కొట్టిన రోజు. ఆట ముగిసేసరికి అశ్విన్ 296 వికెట్ల మీద ఉన్నాడు, శ్రీలంకకు ఇంకా 9 వికెట్లు ఉన్నాయి. మర్నాడు పొద్దున్నే ఐదుగురం బయల్దేరాం. 300వ వికెట్ పడిన బంతితోనే మ్యాచ్ కూడా అయిపోయింది. 54 టెస్టుల్లో 300 వికెట్లు. అంతకు ముందు అందరికంటే త్వరగా 300 తీసిన రికార్డు డెనిస్ లిల్లీది, 56 టెస్టులు. లంక తోకను చుట్టేయడానికి ఎంతసేపని, ముందే లేచి పార్కింగ్‌కు పోయినవాళ్లు ఆ ఒక్క బంతి చూడలేదు. మన హైదరాబాద్ లక్ష్మణ్ 100వ టెస్టు, గంగూలీ ఆఖరి టెస్టు కూడా 2008 నవంబరులో ఇక్కడే, ఒకే మ్యాచ్‌లో జరిగాయి. ఇలాంటివి కళ్లారా చూసే అవకాశం వస్తే వదులుకోవద్దనే నేనూ అంటాను.

కానీ 2022 సెప్టెంబరు 23 రాత్రి సంగతి చెప్పాలి. ఆస్ట్రేలియాతో టీ20. గ్రౌండు తడిగా ఉండి ఏడు గంటలకు మొదలవ్వాల్సిన ఆట తొమ్మిదిన్నరకు మొదలైంది, చెరి 8 ఓవర్లే ఆడారు. మనం గెలిచాం, గొంతులు పోయేలా అరిచాం. పార్కింగ్ నుంచి బయటపడేసరికి అర్ధరాత్రి దాటింది. స్టీరింగ్ మీద ఉన్నది మా గనిలో డంపర్ (పెద్ద టిప్పర్ లారీ) నడిపే అన్న. ఆ రోజు ఫస్ట్ షిఫ్టు చేసి, ఇంటికి పోయి స్నానం చేసి, నేరుగా బండెక్కాడు. తెల్లవారుజామున నాలుగింటికి లేచిన మనిషి. జామ్ దాటాక వెనకున్న ముగ్గురం తలలు వాల్చేశాం. రోడ్డు అంచు మట్టి మీద టైరు గరగరలాడిన చప్పుడుకు కళ్లు తెరిచాను. ముందు అద్దంలో ఆగి ఉన్న బొగ్గు లారీ వెనక భాగం కనిపించింది. దానికి వెనక లైట్లు లేవు, వెలుగు పడితే మెరిసే ఎర్ర రేకు కూడా సగం ఊడిపోయి ఉంది. నేను అరిచిన అరుపుకు అన్న స్టీరింగ్ తిప్పాడు. లారీ పక్కనుంచి చెయ్యెడంలో దాటిపోయాం. బండి ఆపి దిగితే అన్న కాళ్లు వణుకుతున్నాయి. "నిద్రపోయినట్టు నాకే తెల్వదురా" అన్నాడు.

ఇరవై గంటలుగా మెలకువగా ఉన్నవాణ్ని గనిలో డంపర్ ఎక్కనిస్తామా? సూపర్‌వైజర్ కాదు, మనమే ఆపుతాం. అదే మనిషికి ఐదుగురి ప్రాణాలు అప్పగించి మేం నిద్రపోయాం. అందుకే అన్నిటికంటే ముందు ఈ జాగ్రత్త.

బండి కదలకముందే తిరుగు ప్రయాణానికి డ్రైవర్ ఎవరో తేల్చండి. పొద్దున షిఫ్టు చేసినవాడు, ముందు రాత్రి నైట్ షిఫ్టు దిగినవాడు రాత్రిపూట స్టీరింగ్ పట్టకూడదు. లైసెన్సు ఉండి, మధ్యాహ్నం రెండు గంటలైనా పడుకున్నవాళ్లు ఇద్దరు దొరక్కపోతే కిరాయి డ్రైవర్‌ను మాట్లాడుకోండి. తలా కొంత వేసుకుంటే భారం కాదు. ముందు సీట్లో డ్రైవర్ పక్కన కూర్చున్నవాడు నిద్రపోకూడదు. కునుకు వస్తోందంటే అతను వెనక్కి, ఇంకొకరు ముందుకు.

గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. అంటే కన్ను ఒక్క సెకను మూసుకుంటే క్రికెట్ పిచ్ పొడవు దాటేస్తాం. కునుకు మూడు నాలుగు సెకన్లు ఉంటుంది. అద్దాలు దించడం, పాటలు పెట్టడం, మొహం కడుక్కోవడం నిద్రను ఆపవు, కాసేపు మరిపిస్తాయంతే. పనిచేసేది ఒక్కటే. బుటీబోరీలోనో జామ్‌లోనో వెలుతురున్న పెట్రోలు బంకులో, ఢాబాలో ఆపి కాఫీ తాగి, వెంటనే ఇరవై నిమిషాలు పడుకోవడం. లేచేసరికి కాఫీ ఒంట పట్టి ఉంటుంది. రోడ్డు అంచున, చీకట్లో మాత్రం ఆపకండి. తెల్లవారుజామున రెండు నుంచి ఐదు మధ్య ఒంట్లో నిద్ర బరువు ఎక్కువ. ఆట మరీ ఆలస్యమైతే నాగపూర్‌లోనే ఏదో లాడ్జిలో పడుకొని పొద్దున రండి. డ్రైవర్ రాత్రి భోజనం తేలిగ్గా ఉండాలి. నాగపూర్ ఘాటు సావజీ మటన్ తినాలని అందరికీ ఉంటుంది, అతని వంతు పార్సిల్ కట్టించండి.

మందు గురించి మొహమాటం లేకుండా చెప్తాను. చంద్రపూర్ జిల్లాలో 2015 నుంచి 2021 దాకా నిషేధం ఉండేది. నాగపూర్ జిల్లాలో అడుగుపెట్టగానే తాగే అలవాటు మనవాళ్లలో కొందరికి అప్పుడు పడింది, ఇంకా పోలేదు. డ్రైవర్ ఒక్క బీరు కూడా ముట్టకూడదు. ఇంకో సంగతి చాలామందికి తట్టదు. జామ్ ఉన్నది వార్ధా జిల్లాలో, అక్కడ ఇప్పటికీ నిషేధమే. డిక్కీలో సీసాలు పెట్టుకొని ఆ దారిన వస్తే పట్టుబడేది ఐదుగురూ, ఒక్కరు కాదు.

దారిలో వరోరా, భద్రావతి మధ్య రాత్రిళ్లు అడవిపందులు అడ్డం వస్తాయి. ఒకటి దాటితే వెనక ఇంకొన్ని ఉన్నాయనుకోండి. బొగ్గు లారీల వెనక దూరం పెట్టండి, ఆగినవాటికి లైట్లు ఉంటాయని నమ్మకండి. తెల్ల నంబరు ప్లేటు ఉన్న సొంత వాడకం బండిని కిరాయికి తీసుకోవద్దు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర చిక్కు వస్తుంది. జాతీయ రహదారి మీద సాయానికి 1033, ఏ ఆపదకైనా 112.

రైలు మీద వెళ్లేవాళ్లు స్టేడియం దాటి నాగపూర్‌లో దిగి వెనక్కి రావాలి. మెట్రో ఖాప్రీ దాకా తెస్తుంది, అక్కణ్ణుంచి ఇంకా దూరం ఉంటుంది.

టికెట్ చేతికి రాకుండా బయల్దేరవద్దు. గేటు దగ్గర బ్లాకులో కొన్న కాగితం లోపలికి పోనివ్వకపోతే అడిగే దిక్కుండదు. ఫోన్‌లో వచ్చిన టికెట్‌ను కౌంటర్లో మార్చుకోవాలో లేదో ముందే చదువుకోండి. వేల మంది చేరాక అక్కడ నెట్ పనిచేయదు, కాబట్టి గుంపు చెదిరితే ఎక్కడ కలవాలో లోపలికి పోకముందే అనుకోండి. పవర్ బ్యాంకులు, సీసాలు, పెద్ద బ్యాగులు బండిలోనే వదిలేయండి. టెస్టు అయితే నాలుగో రోజుకో ఐదో రోజుకో సెలవు పెట్టుకోకండి. 2023 ఫిబ్రవరిలో ఇక్కడే ఆస్ట్రేలియా రెండో ఇన్నింగ్స్‌లో 91కే కుప్పకూలి, మూడో రోజే ఆట ముగిసింది.

పని దగ్గర అబద్ధం వద్దు. ఒంట్లో బాగాలేదని నాగా పెడితే మన చోట ఇంకొకడు ఓవర్‌టైమ్ చేయాలి. ఉన్న మాట చెప్పి షిఫ్టు మార్చుకోండి, అడిగితే మార్చుకునేవాళ్లే ఎక్కువ. ఒకే సెక్షన్ నుంచి అందరూ కలిసి పోకండి.

మర్నాడు ఫస్ట్ షిఫ్టు ఉన్నవాడు రాత్రి మ్యాచ్‌కు రావద్దు. మూడింటికి ఇల్లు చేరి ఆరింటికి మస్టర్ (హాజరు) పడితే ఆ రోజు అతను మెషీన్ ఎక్కకూడదు. ఎక్కినా మనమే దించాలి. ఆ అన్నను మర్నాడు మేం సెకండ్ షిఫ్టుకు మార్పించాం.