శుభలేఖ మీద బొమ్మ కదలాలంటే: ఏఆర్ కార్డు తయారుచేసే పద్ధతి

పాతబస్తీలోని ఛత్తా బజార్‌లో శుభలేఖలు డిజైన్ చేయడం నా పని. నమూనాల పుస్తకం తిరగేస్తూ పెళ్లివారు ఈ మధ్య తరచుగా అడుగుతున్నారు: "అన్నా, ఫోను పెట్టి చూస్తే వీడియో కనిపించే కార్డు చేస్తారా?" చేస్తాను. కెమెరాలో కనిపించే దృశ్యం మీద కదిలే బొమ్మను నిలిపే ఈ పద్ధతినే ఆగ్మెంటెడ్ రియాలిటీ, క్లుప్తంగా ఏఆర్ అంటారు. దానికి పెద్ద కంపెనీ అక్కర్లేదు, అతిథులు ఏ ఆప్‌నూ దించుకోనక్కర్లేదు. బొమ్మలు దిద్దడం వచ్చి, వెబ్ పేజీ ఎలా తయారవుతుందో కాస్త తెలిసినవారు ఎవరైనా సొంతంగా చేసుకోవచ్చు.

అయితే పని మొదలుపెట్టే ముందు ఒక ప్రశ్నకు జవాబు కావాలి. కనిపించబోయే దృశ్యానికి ఆ కార్డుతో సంబంధం ఏమిటి? పెళ్లికి ముందు తీయించుకున్న వీడియోను తెచ్చి కార్డు మీద అతికించినట్టు చూపించడమే అయితే, దాన్ని వాట్సాప్‌లో పంపితే చాలు. కార్డు మీద అచ్చయిన పల్లకీని బోయీలు మోసుకుంటూ కదిలితే, అచ్చయిన ఇంటి తలుపు తెరుచుకుని వధువు తల్లిదండ్రులు బయటికి వచ్చి "తప్పకుండా రండి" అని పిలిస్తే, అప్పుడు ఆ కాగితానికి పని ఉన్నట్టు. ఆగ్మెంటెడ్ రియాలిటీలో జనం గుర్తుపెట్టుకున్న ప్రకటనలు కూడా ఇలాంటివే. 2014లో పెప్సీ మాక్స్ లండన్‌లోని ఒక బస్ షెల్టర్ పక్క గోడను తెరగా మార్చింది. అది కిటికీ అద్దంలాగే అవతలి వీధిని చూపిస్తుంది. ఉన్నట్టుండి ఆ వీధిలోంచే పులి పరుగెత్తుకొస్తుంది. 2019లో బ్రెజిల్‌లో బర్గర్ కింగ్ తన ఆప్‌లో ఒక ఏర్పాటు చేసింది: పోటీ కంపెనీల ప్రకటనల మీద ఫోను పెడితే అవి తెర మీద కాలిపోయి, ఉచితంగా బర్గర్ దక్కేది. ఆ వీధి లేకపోతే, ఆ ప్రకటన లేకపోతే ఆ దృశ్యానికి అర్థమే లేదు. నేను పెళ్లివారితో మొదట మాట్లాడేది దీని గురించే. వీడియో ఎంత ఖరీదైనదన్నది తర్వాతి సంగతి.

ఏ రకం ఏఆర్ కావాలో కూడా ముందే తేల్చుకోవాలి. కళ్లజోడు ముఖం మీద పెట్టి చూపించే ఆప్‌లు, 2015లో స్నాప్‌చాట్ తెచ్చిన లెన్సులు (ముఖం మీద బొమ్మలు వేసే ఫిల్టర్లు) ముఖాన్ని గుర్తుపట్టి పనిచేస్తాయి. ఐకియా 2017లో తెచ్చిన ఆప్ నేలను గుర్తుపట్టి, సోఫాను అసలు కొలతల్లో మన గదిలో నిలబెట్టి చూపించింది. గూగుల్ మ్యాప్స్‌లో 2019లో వచ్చిన లైవ్ వ్యూ, కెమెరాలో కనిపించే భవనాలను స్ట్రీట్ వ్యూ ఫొటోలతో పోల్చి దారి చూపే బాణాలు వేస్తుంది. శుభలేఖకు కావలసింది వీటన్నిటికన్నా తేలికైనది: అచ్చయిన బొమ్మను గుర్తుపట్టి, దాని మీద ఇంకో బొమ్మను నిలపడం. ఫర్నిచర్ అమ్మేవారు మాత్రం నేలను గుర్తుపట్టే పద్ధతికే వెళ్లాలి. వారికి వస్తువు త్రీడీ నమూనా రెండు రూపాల్లో కావాలి, ఆండ్రాయిడ్ కోసం జీఎల్‌బీ ఫైలు, ఐఫోన్ కోసం యూఎస్‌డీజడ్ ఫైలు.

బొమ్మ ఎంపిక

పని గెలిచేదీ ఓడేదీ ఇక్కడే. ఫోను బొమ్మలోని అందాన్ని చూడదు. నలుపు తెలుపుగా మార్చి, వెలుగునీడలు ఒక్కసారిగా మారే చోట్లను, గీతలు మలుపు తిరిగే మూలలను వెతికి గుర్తు పెట్టుకుంటుంది. కెమెరాలో అలాంటి చుక్కలు అదే అమరికలో కనిపిస్తే "ఇదే ఆ కార్డు" అని తేల్చుకుంటుంది. వాటి మధ్య దూరాలు ఎలా సాగాయో, ఎలా కుంచించుకున్నాయో లెక్కగట్టి, కార్డు ఎంత దూరంలో ఉందో, ఎటు వాలి ఉందో తెలుసుకుంటుంది. కాబట్టి చుక్కలు ఎక్కువ ఉండాలి, బొమ్మంతా పరుచుకుని ఉండాలి, ఏ రెండు భాగాలూ ఒకేలా ఉండకూడదు.

ఇప్పుడు మన శుభలేఖలను ఈ కళ్లతో చూడండి. నలువైపులా ఒకే ముత్యాల అంచు: ఒక ముత్యానికీ పక్క ముత్యానికీ ఫోనుకు తేడా తెలియదు. మధ్యలో చుక్కల ముగ్గు: ఎటు తిప్పినా ఒకేలా ఉంటుంది కాబట్టి ఏది పైభాగమో తేలదు. ఖాళీగా వదిలిన క్రీమ్ రంగు కాగితం: అందులో పట్టుకోవడానికి ఏమీ లేదు. అన్నిటికన్నా కష్టం బంగారు ఫాయిల్‌తో అచ్చేసిన వినాయకుడు. ఫాయిల్ అద్దంలా మెరుస్తుంది. ట్యూబ్‌లైట్ కింద చేయి కాస్త కదిలితే చాలు, మెరుపు ఇంకో చోటికి జరిగి ఫోను గుర్తుపెట్టుకున్న బొమ్మ మాయమవుతుంది. స్పాట్ యూవీ పూత, గ్లాసీ లామినేషన్ కూడా ఇంతే. వినాయకుడిని ఫాయిల్‌లోనే ఉంచండి, ఆ ముచ్చట వదులుకోనక్కర్లేదు. కెమెరా చూడవలసిన బొమ్మను మాత్రం వేరేగా, మామూలు సిరాతో ఆఫ్‌సెట్‌లో అచ్చేయించి, దాని మీద మ్యాట్ లామినేషన్ చేయించండి.

పసుపు సంగతి ఎవరూ ముందుగా ఆలోచించరు. కార్డులు ఇంటికి చేరగానే పెద్దవాళ్లు నాలుగు మూలలా పసుపు రాస్తారు, కొందరు కుంకుమ కూడా అద్దుతారు. రాయవద్దని వాళ్లకు చెప్పే ప్రశ్నే లేదు. పసుపు లేని శుభలేఖను ఎవరి చేతిలో పెడతాం? అందుకని బొమ్మను మూలల దాకా పరచకుండా, చుట్టూ కనీసం రెండు వేళ్ల వెడల్పు ఖాళీ వదిలి మధ్యలో పెడతాను. అతిథులు స్కాన్ చేసి వెబ్ పేజీ తెరిచే క్యూఆర్ కోడ్‌కూ అదే నియమం.

మరి ఎలాంటి బొమ్మ బాగుంటుంది? నాకు బాగా నచ్చినవి చేర్యాల నకాషీ చిత్రాలు. ఎర్రటి నేపథ్యం మీద స్పష్టమైన గీతలు, కిక్కిరిసిన మనుషులు, ఎద్దులు, చెట్లు. ఏ బొమ్మా పక్క బొమ్మలా ఉండదు. కెమెరాకు కావలసినవన్నీ అందులో ఉన్నాయి. పైగా ఆ చిత్రాలు పుట్టిందే కథ చెప్పడానికి. కులపురాణాలు పాడే కథకులు పటాన్ని కొద్దికొద్దిగా విప్పుతూ, ఒక్కొక్క బొమ్మనూ చూపిస్తూ కథ నడిపేవారు. కార్డు మీది ఊరేగింపులో వరుసగా ఒక్కొక్కరు కదలడం ఆ సంప్రదాయానికి పరాయిది కాదనిపిస్తుంది నాకు. ఒక్క మాట: ఇంటర్నెట్‌లో దొరికిన చేర్యాల బొమ్మను తీసుకుని వాడకండి. చిత్రకారుడితో గీయించండి, కదిలించబోతున్నామని ముందే చెప్పండి, దానికి తగిన డబ్బు ఇవ్వండి, కార్డు వెనక ఆయన పేరు వేయండి.

బొమ్మ పనికొస్తుందో లేదో అచ్చుకు ముందే తెలుసుకోవచ్చు. నేను వాడేది మైండ్‌ఏఆర్ అనే ఉచిత, ఓపెన్ సోర్స్ సాధనం. దాని వెబ్‌సైట్‌లోని కంపైలర్‌లో (బొమ్మను ఫోను గుర్తుపట్టే ఫైలుగా మార్చే భాగంలో) బొమ్మను పెడితే, పట్టుకున్న చుక్కలను బొమ్మ మీదే చూపిస్తుంది. చుక్కలన్నీ ఒక మూలకు పోగుపడితే బొమ్మ మార్చాలి. గూగుల్ వారి ఏఆర్ సాధనాల సంపుటి ఏఆర్‌కోర్‌లో 100కు మార్కులు వేసే సాధనం ఉంది. కనీసం 75 రావాలని వారి సలహా. మార్కులు వచ్చినా ఊరుకోకండి. అనుకున్న కాగితం మీదే ఒక ప్రూఫ్ తీయించి దానితో పరీక్షించండి, ఎందుకంటే కంప్యూటర్ తెర మీది ఎరుపు, ప్రెస్సులో వచ్చే ఎరుపు ఒకటి కావు. మా ప్రెస్సులో మిషన్ నడిపే పెద్దాయన నల్ల గీతల మీద సిరా ఒక పాలు ఎక్కువ పట్టిస్తారు. ఆ గీతలు నిలిస్తేనే బొమ్మ నిలుస్తుంది.

పేజీ, వీడియో

కంపైలర్ ఇచ్చిన ఫైలు, వీడియో, ఒక హెచ్‌టీఎంఎల్ పేజీ: ఈ మూడూ ఉంటే చాలు. పేజీలో ఎ-ఫ్రేమ్ అనే లైబ్రరీ (ముందే రాసి ఉంచిన కోడ్), మైండ్‌ఏఆర్ లైబ్రరీ కలపాలి. మైండ్‌ఏఆర్ డాక్యుమెంటేషన్‌లో ఉన్న నమూనా పేజీనే తీసుకుని ఫైళ్ల పేర్లు మార్చుకోండి. కొలతల్లో ఒక్కటి గుర్తుంచుకోవాలి. బొమ్మ అసలు వెడల్పు ఎంతైనా మైండ్‌ఏఆర్ దాన్ని 1గా తీసుకుంటుంది. మీ బొమ్మ 12 సెంటీమీటర్ల వెడల్పు, 9 సెంటీమీటర్ల ఎత్తు ఉంటే, వీడియో వెడల్పు 1, ఎత్తు 0.75 అని రాయాలి. అప్పుడే కదిలే పల్లకీ, అచ్చయిన పల్లకీ మీద సరిగ్గా కూర్చుంటుంది. వెంట్రుకవాసి తేడా వచ్చినా కంటికి తెలిసిపోతుంది. బొమ్మ వణుకుతున్నట్టు కనిపిస్తే వణుకు తగ్గించే ఫిల్టర్ విలువలు ఉన్నాయి. ఎక్కువ తగ్గిస్తే బొమ్మ చేతి కదలిక వెనక ఆలస్యంగా వస్తుంది, మధ్యస్థంగా ఆపండి.

వీడియో మొదటి ఫ్రేము అచ్చయిన బొమ్మతో అచ్చంగా ఒకటే కావాలి. అందుకని యానిమేషన్ చేసేవారికి అచ్చుకు పంపిన ఫైలునే పొరలతో సహా ఇవ్వండి. 30 నుంచి 40 సెకన్లు చాలు. ఫోను పైకెత్తి పట్టుకున్న చేయి అంతకన్నా ఓర్చుకోదు, ఫోను వేడెక్కుతుంది కూడా. 2016లో విడుదలైన పోకెమాన్ గో ఆటలో సైతం కెమెరా దృశ్యాన్ని ఆపేసి ఆడుకునే వీలు పెట్టారు. ఎంపీ4 రూపంలో, ఐదు ఎంబీలు దాటకుండా కుదించండి. ఊళ్లలో సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నచోట కూడా తెరుచుకోవాలి కదా.

ఐఫోన్‌తో రెండు ముడులు పడతాయి. వేలు తగలకుండా శబ్దంతో వీడియో మొదలుకావడానికి అది ఒప్పుకోదు. పేజీలోనే ఆడాలని కోడ్‌లో చెప్పకపోతే వీడియోను తెరంతా పరిచేస్తుంది. రెండో దానికి వీడియో ట్యాగులో 'playsinline' అన్న ఒక్క మాట చాలు. మొదటిదానికి నా పద్ధతి ఇది: పేజీ తెరవగానే "శుభలేఖ తెరవండి" అని పెద్ద బటన్ పెడతాను. అది నొక్కగానే కెమెరా అనుమతి అడగడం, శబ్దానికి దారి తెరవడం రెండూ జరుగుతాయి. అనుమతి అడిగే ముందు తెలుగులో ఒక వాక్యం రాయండి: "కెమెరా దృశ్యం మీ ఫోనులోనే ఉంటుంది, ఎక్కడికీ వెళ్లదు." మైండ్‌ఏఆర్ లెక్కంతా ఫోనులోనే చేస్తుంది కాబట్టి అది నిజం. ఈ రోజుల్లో తెలియని లింకు కెమెరా అడిగితే జనం భయపడతారు, భయపడాలి కూడా.

కెమెరా తెరుచుకోవాలంటే చిరునామా హెచ్‌టీటీపీఎస్‌తో మొదలవ్వాలి. వెబ్ పేజీలను ఉంచే గిట్‌హబ్ పేజెస్ లాంటి చోట ఇది ఉచితం. అయినా పెళ్లి పేరుతో సొంత డొమైన్ (వెబ్ చిరునామా) కొని దానికి కలపమంటాను. ఒకే కంపెనీ సాధనం మీద అంతా కట్టుకుంటే ఏమవుతుందో మెటా స్పార్క్ చూపించింది. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ ఫిల్టర్ల కోసం ఎందరో డిజైనర్లు వాడిన ఆ వేదికను 2025 జనవరిలో మూసేశారు. బయటివారు దానిలో చేసిన ఫిల్టర్లన్నీ పోయాయి. అచ్చయిన కార్డును వెనక్కి తీసుకోలేం. దాని మీది లింకు మన చేతిలోనే ఉండాలి.

క్యూఆర్ కోడ్‌ను బొమ్మ ఉన్న పేజీలోనే, కనీసం రెండు సెంటీమీటర్ల కొలతతో, లేత రంగు మీద ముదురు రంగులో వేయండి. ఎరుపు మీద బంగారు రంగులో వేయమని ఎవరు అడిగినా ఒప్పుకోకండి. చుట్టూ తెల్లటి ఖాళీ వదలాలి. తయారుచేసేటప్పుడు దిద్దుబాటు స్థాయి 'హెచ్' ఎంచుకుంటే, కోడ్‌లో దాదాపు 30 శాతం చెడినా చదవగలదు. పసుపు వేలు తగిలినా భయం లేదు.

పరీక్ష

కొత్త ఫోనులో పనిచేయడం పరీక్ష కాదు. ఆబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో దొరికే పాత ఆండ్రాయిడ్ ఫోను ఒకటి దగ్గర ఉంచుకోండి. రాత్రి వంటింటి లైటు కింద, మధ్యాహ్నం వరండాలో, ఆటోలో కూర్చుని, అన్ని చోట్లా చూడండి. ఇంట్లో పెద్దవారికి కార్డూ ఫోనూ ఇచ్చి, ఏమీ చెప్పకుండా పక్కన నిలబడండి. ఒక చేత్తో కార్డు, ఒక చేత్తో ఫోను పట్టుకుంటే రెండూ వణుకుతాయి. అందుకే కోడ్ కింద "కార్డును బల్ల మీద పెట్టి చూడండి" అని రాస్తాను. ఎంతసేపు చూసినా బొమ్మ దొరకకపోతే పది సెకన్ల తర్వాత "ఇక్కడ చూడండి" అనే బటన్ వచ్చి మామూలు వీడియో ఆడాలి. ఏ అమ్మమ్మా నాకు చేతకాలేదని ఫోను పక్కన పెట్టకూడదు.

పిల్లల కోసం చిన్న ఆట కలపవచ్చు: బొమ్మలోని వధూవరులను తాకితే తలంబ్రాలు రాలడం, దాక్కున్న చిలకను వెతకడం లాంటివి. అది కార్డు మీదే ఉండాలి. ఫంక్షన్ హాలుకు నడిచి వస్తూ దారిలో గుర్తులు వెతికే ఆట పెట్టమని కొందరు అడుగుతారు. ఫోను చూస్తూ నడిచే మనిషికి మన రోడ్లు క్షేమం కావు. అది నేను చేయను. దారి కోసం వీడియో చివర మ్యాప్ బటన్ ఒక్కటి చాలు.

పెళ్లి అయ్యాక ఇంకో పని మిగులుతుంది. గుర్తుపట్టే ఫైలు అలాగే ఉంచి, వీడియో ఒక్కటి మార్చండి. అదే పల్లకీ తెర తొలగి లోపల అసలు పెళ్లి కనిపిస్తుంది. అతిథుల ఇళ్లలో ఉన్న కార్డులన్నీ కొత్త వీడియోనే చూపిస్తాయి. డొమైన్‌ను వధూవరుల్లో ఒకరి పేరు మీద, వారి ఈమెయిలుతో పెట్టించి, పాస్‌వర్డు వారి చేతికే ఇచ్చేయండి.